లెక్కలో కలపకూడని చెట్లు

కోట అనే ఊరికి తూర్పున, సముద్రానికి మైలు దూరంలో ఉన్న ఒక సరివి, అంటే సరుగుడు, తోటలో నేను మూడేళ్ళు మేస్త్రీగా పనిచేశాను. చెట్లు కొట్టే మనుషుల్ని తీసుకురావడం, కొట్టిన కర్రను లారీకి ఎత్తించడం నా పని. పదో తరగతి తప్పాక నాకు చదువు చెప్పింది ఊళ్ళో లైబ్రరీ. మొదటి బీరువా పై అరతో మొదలుపెట్టి, అర్థమైనా కాకపోయినా, వరసగా చదువుకుంటూ పోయాను. వైద్యం, ఓడల చరిత్ర, తేనెటీగల పెంపకం, ఏదీ వదల్లేదు. లైబ్రేరియన్ గారు ఊరెళ్ళినప్పుడు తాళంచెవి నా చేతికే ఇచ్చేవారు. ఆ సంగతి ఇప్పటికీ కొత్తవాళ్ళకు చెప్పుకుంటాను.

మూడో ఏడాది తోట మొత్తం కోతకు వచ్చింది. ఆసామి చెట్లు కొట్టించేసి రొయ్యల గుంటలు తవ్వించాలనుకున్నారు. వానలు తగ్గి చాలా రోజులైనా కొట్టేవాళ్ళు దొరకలేదు. మా వీధి టీ బంకు దగ్గర మాత్రం పొద్దుటినుంచి పదిమంది కుర్రాళ్ళు కూర్చుని ఉండేవాళ్ళు. తడ వైపు కంపెనీల్లో కాంట్రాక్టు అయిపోయిందని పంపేస్తే వచ్చినవాళ్ళు. మళ్ళీ పిలుస్తారని ఫోన్లు చూసుకుంటూ ఉండేవాళ్ళు. తోటకు రమ్మంటే ఒకడు రెండు చేతులూ నా ముందు చాపి, ఏసీలో సెల్‌ఫోన్లు బిగించిన చేతులివి, వీటికి గొడ్డలిస్తావా అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరూ లేవలేదు.

చివరికి నాయుడుపేట బస్టాండులో ఒక కుటుంబం దొరికింది. మొగుడు, పెళ్ళాం, మొగుడి తల్లి. వాళ్ళ దగ్గర నాలుగు మూటలు, రెండు గొడ్డళ్ళు, గంప కింద ఒక కోడి. అంతకుముందు వాళ్ళ గుడిసె కాలవ గట్టున ఉండేదట. రోడ్డు వెడల్పు చేసినప్పుడు తీసేశారు. ఆధార్ కార్డులో ఇంకా ఆ చిరునామానే ఉంది. దాని మీద ఇప్పుడు లారీలు పోతున్నాయని ముసలమ్మ చెప్పింది, తమాషా సంగతి చెప్పినట్టు.

తోట నడిమధ్యన సరివి కర్రలు నాటి, తాటాకు కప్పి, పైన నీలం టార్పాలిన్ పట్టా కట్టి గుడిసె వేసుకున్నారు. మొగుడు చెట్టు కొడితే ఆడవాళ్ళిద్దరూ తొక్క ఒలిచేవాళ్ళు.

సరివి కొట్టేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. కోత అంచుల నుంచి లోపలికి వస్తుంది. గుడిసె చుట్టూ ఉండే చెట్లు అన్నిటికన్నా ఆఖరున కొడతారు. ఇంకా ఎంత మిగిలిందని ఆసామి అడిగితే మేస్త్రీ ఆ చెట్లను లెక్కలో కలపడు. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే ఈ మాట చెప్పాడు. ఎందుకని అడిగితే, చెప్పిందాన్ని గుర్తుపెట్టుకో, చాలు అన్నాడు. కారణం చెప్పని మాటను నేను పుస్తకాల్లో చూడలేదు. అందుకని దాన్ని పెద్దగా ఖాతరు చేయలేదు.

నెల గడిచింది. ఒకరోజు వెళ్ళేసరికి గుడిసె ముందు చిన్న పందిరి, దాని మీదికి పాకుతున్న సొరపాదు కనిపించాయి. పేడతో అలికిన వాకిట్లో ముగ్గు కూడా ఉంది.

"తోట అయిపోవస్తే ఇప్పుడు పాదేందమ్మా, కాయలు ఎవురికి?" అన్నాను.

"ఇన్ని పుస్తకాలు చదివినావే, సొరపాదు ఎన్నాళ్ళకి కాసేది అందులో రాయలేదా అన్నా?" అని ఆ పెళ్ళాం నవ్వింది. తొక్క ఒలుస్తున్న ముసలమ్మ తల ఎత్తి కోడలి వైపు చూసింది. కోడలు నవ్వు ఆపేసి కత్తి అందుకుంది.

అప్పుడైనా నాకు తట్టలేదు. తోట చుట్టూ ఒకసారి తిరిగి చూస్తే, అంచుల్లో కోత సన్నగా, వంకరటింకరగా సాగింది. మధ్యలో గుడిసె చుట్టూ దట్టమైన తోపు అట్లాగే నిలబడి ఉంది. అందులోకి గాలి దూరినప్పుడు ఎవరో నోరు మూసుకుని మూలిగినట్టు ఉండేది.

ఆ వారమే లైబ్రరీలో అడవుల పెంపకం మీద ఒక పాత పుస్తకం దొరికింది. ఒక మనిషి రోజుకు ఎన్ని సరివి చెట్లు కొట్టగలడో అందులో పట్టిక వేసి చూపించారు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. వరసలు లెక్కపెట్టుకుని, పట్టికతో పోల్చి, తోట ఎప్పుడో అయిపోయి ఉండాలని ఒక కాగితం మీద తేల్చాను. దాన్ని దాచుకోలేకపోయాను. నేరుగా ఆసామి ఇంటికి తీసుకెళ్ళి చూపించాను.

ఆయన అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివారు.

"మిగిలింది ఇంతుండాదేందయ్యా? నువ్వెప్పుడూ ఇంత చెప్పలేదే."

"గుడిసె చుట్టూ ఉండేవి కూడా కలిపినానయ్యా."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "మనుషులు దొరకలా, దొరకలా అని ఇన్నాళ్ళూ మొత్తుకుంటా ఉండా. దొరికినోళ్ళు ఇక్కడ కాపరం పెట్టినారన్నమాట," అన్నారు. తర్వాత నా చదువును మెచ్చుకున్నారు. ఆ పూటకు నాకు అది చాలు.

మూడోరోజు బోగోలు వైపు నుంచి రంపం మిషన్లతో నలుగురు వచ్చారు. ఆసామి నిర్దయగా ఏమీ మాట్లాడలేదు. మిషన్లు గుడిసె దగ్గరికి వచ్చేదాకా వాళ్ళను ఉండమన్నారు. మొదటిరోజు ఆ చప్పుడు దూరంగా, కందిరీగలు తిరిగినట్టు వినిపించింది. రెండోరోజు మాట్లాడుకోవాలంటే గొంతు పెంచాల్సి వచ్చింది. కోడి గుడిసెలోంచి బయటకు రాలేదు. ముసలమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, ఒక్కో చెట్టు పడినప్పుడల్లా అటు వైపు ముఖం తిప్పేది. మూడోరోజు సాయంత్రానికి గుడిసె వాకిట్లోంచి సముద్రం కనిపించింది. నెలన్నరగా దాని చప్పుడు వినడమే గాని అక్కడినుంచి చూసింది లేదు. దానికీ గుడిసెకూ మధ్య మోళ్ళు తప్ప ఏమీ లేవు.

మొగుడు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కోపం లేదు మనిషిలో.

"చెట్టు ఉండేదాకే గదన్నా మాకు ఇల్లు. అది నీకు తెలీదా?"

పుస్తకంలో పట్టిక ఉందని ఏదో చెప్పబోయాను. ఆ మాట నా చెవికే బాగోలేదు.

మర్నాడు మూటలు కట్టుకున్నారు. పట్టా విప్పి మడిచారు, తాటాకు వదిలేశారు. పాదుకు వేలెడంత పిందెలు రెండు పడ్డాయి. వాటిని ఎవరూ తెంపలేదు. మిషన్ల మనుషులు అన్నం క్యారియర్లు ఆ పందిరికి తగిలించుకున్నారు. పోతూ పోతూ ముసలమ్మ నా ముందు ఆగింది.

"ఇంక ఏ ఊళ్ళో తోట ఉండాదో నీ పుస్తకంలో చూసి చెప్పబ్బయ్యా. ఆడికే పోతాం."

వెటకారమో నిజంగానే అడిగిందో ఆమె ముఖంలో తెలియలేదు. కొడుకు చేయి పట్టుకుని నడిపించుకుపోయాడు.

తోట పోయాక మేస్త్రీ అవసరం పోయింది. తోట ఉన్నచోట గుంటలు తవ్వారు. ఊళ్ళో అద్దె గది వదిలేసి, ఆ గుంటల గట్టు మీద రేకుల షెడ్డులో కాపలా మనిషిగా చేరాను. ఇప్పుడు నా ఇల్లు అదే. ఆ చోటు నాకు బాగా తెలుసు. వాళ్ళ పొయ్యి రాళ్ళ మసి మొన్నమొన్నటిదాకా కనిపించేది. ఎండాకాలంలో ఆపడానికి చెట్టు లేక ఇసుక లేచి అన్నంలో పడుతుంది.

పోయిన నెల ఆసామి గట్టు పని చేయించాలని మనుషుల కోసం నన్ను పంపారు. కొడవలూరు దాటాక హైవే బ్రిడ్జి కింద ఆ నీలం పట్టా కనిపించింది. దాని ముందు పెళ్ళాం బియ్యం ఏరుతోంది. ముసలమ్మ లేదు. అడగలేదు నేను. పని ఉందని చెప్పాను.

ఆమె చేతులు ఆపలేదు. "ఎన్ని రోజులో లెక్కేసుకునే వచ్చినావా అన్నా?" అంది.

తిరిగి వచ్చి మనుషులు దొరకలేదని ఆసామికి చెప్పాను. ఈ కాలంలో పని చేసేవాడెవడున్నాడని ఆయన విసుక్కున్నారు. వల తెప్పించి గుంటలో రొయ్య సైజు చూశారు. రేట్లు పడిపోతున్నాయట. ఈ పట్టుబడి అయ్యాక, అంటే ఉన్న రొయ్య పట్టి అమ్మేశాక, గుంటలు నెల్లూరు వాళ్ళకెవరికో లీజుకిస్తానన్నారు. వాళ్ళకు సొంత కాపలా మనుషులున్నారట. షెడ్డు వైపు ఒకసారి చూసి నన్ను అడిగారు.

"నువ్వు చదివే ఉంటావు గదా. పట్టుబడికి ఇంకెన్నాళ్ళు పడద్ది?"

రొయ్యల పెంపకం పుస్తకం నేను రెండుసార్లు చదివాను. సైజును బట్టి రోజులు చెప్పే పట్టిక అందులో ఏ పేజీలో ఉందో కూడా తెలుసు.

"చెప్పలేనయ్యా," అన్నాను.