సూడాన్ అక్క తోబ్‌కు జాకెట్ ముక్క

మా ఆయన బహ్రెయిన్‌లోని ఉమ్మ్ అల్ హస్సామ్‌లో లేడీస్ టైలర్. బోర్డు మీద ఆ మాట అరబ్బీలో, ఇంగ్లీషులో రాసి ఉండేది. తెలుగులో రాయించలేదు, చదివేవాళ్లం మేమిద్దరమే కాబట్టి. కత్తెర ఆయనది. హుక్కులు, కాజాలు, చేతికుట్టు, వచ్చినవాళ్లతో మాట్లాడటం నావి. ఆయనకు నోరు పెగలదు, నాకు నోరు ఆగదు. అలా సంసారమూ దుకాణమూ రెండూ నడిచాయి.

తొంభైలలో సంగతి ఇది. మా నిజామాబాద్ వైపు బహ్రెయిన్ అన్నా కువైట్ అన్నా అన్నీ దుబాయే. సెలవుకు వెళ్లినప్పుడల్లా "దుబాయిల ఒంటె ఎక్కినవా?" అని అడిగేవాళ్లు. ఒంటె సంగతి దేవుడెరుగు, నేను ఎక్కింది మా బిల్డింగు మెట్లు. ఆ మెట్ల పైన సూడాన్ వాళ్ల ఇల్లు ఉండేది. నేను చూసిన బహ్రెయిన్‌లో సగం ఆఫ్రికానే అంటే మా ఊరివాళ్లు ఇప్పటికీ నవ్వుతారు.

కానీ నిజం అదే. మా దుకాణానికి సీజన్ దసరాకు వచ్చేది కాదు. సెప్టెంబరులో ఇథియోపియా అమ్మాయిలకు కొత్త సంవత్సరం. ఇళ్లలో పనిచేసే పిల్లలు, సెలవు దొరికిన పూట నలుగురైదుగురు కలిసి వచ్చి, రంగు అంచున్న తెల్లటి నూలు గౌన్లు సరిచేయించుకునేవాళ్లు. ఆ పండక్కి పసుపు పూలు కావాలట. ఆ ఎండలో పసుపు పూలు ఎక్కడివి? సూక్ బజారులో ప్లాస్టిక్ పూలు కొని జడల్లో పెట్టుకుని మా దుకాణం అద్దం ముందే పాటందుకునేవాళ్లు. క్రిస్మస్ ముందు కెన్యా ఆడవాళ్లు చర్చి పాటల బృందానికని ఒకే తాను గుడ్డ తెచ్చేవాళ్లు. అందులో సన్నగా పుల్లలా ఉన్నామె ఒకతి, తలుపులోంచి పక్కకు తిరిగి రావలసినామె ఒకతి. అందరూ ఒకేలా కనబడాలి. మా ఆయన టేపు మెడలో వేసుకుని "గిది కుట్టుడు గాదు, పరీక్ష" అని గొణుక్కునేవాడు. వాళ్లు మాత్రం డబ్బా మీద తాళం వేస్తూ ఆయన చుట్టూ తిరిగి పాడేవాళ్లు. ఆయన చెవులు ఎర్రబడేవి.

ఇక సూడాన్ వాళ్ల పెళ్లిళ్లకు కాలం లేదు, ఏడాదంతా ఉండేవి. పై ఇంటి ఆమె మొగుడు ఇక్కడి బడిలో లెక్కల మాస్టారు. ఆమె మనిషి పొడుగు, నవ్వు అంతకంటే పొడుగు. నన్ను "ఉఖ్తీ" అనేది, అంటే నా తోబుట్టువా అని. నేను ఆమెను అక్కా అనేదాన్ని. మధ్యాహ్నం దుకాణం మూయగానే పైకి రమ్మనేది. అల్లం దంచి వేసిన నల్ల కాఫీ చిన్న గిన్నెల్లో పోసేది. గొంతులో దిగుతుంటే మిరియాల కషాయమే. తన అరబ్బీ, నా వచ్చీరాని హిందీ, మధ్యలో చేతులు, కళ్లు. ఏ భాషలో మాట్లాడుకున్నామో తెలియదు గానీ అత్తలను తిట్టుకోవడానికి ఏ లోటూ రాలేదు.

ఆమె నన్ను మొదటిసారి తీసుకెళ్లిన పెళ్లిలో పెళ్లికొడుకూ పెళ్లికూతురూ నోట్లో పాలు పుక్కిట పట్టుకుని ఒకరి ముఖం మీద ఒకరు ఉమ్ముకున్నారు. నేను హడలిపోయాను. "జిర్తిగ్" అంటారట ఆ తంతును. చేతికి ఎర్ర పట్టుదారం కడతారు, నెత్తికి గంధం అద్దుతారు, చివర పాలు. ఎవరు ముందు ఉమ్మితే ఇంట్లో వాళ్లదే పెత్తనం అని చుట్టూ ఉన్నవాళ్లు కేకలు. మన తలంబ్రాలలో కూడా అంతే కదా, ఎవరి దోసిలి ముందు లేస్తే వాళ్లది పైచేయి. అలా అనుకున్నాక నాకు బెరుకు పోయింది. తర్వాత పెళ్లికి నేనే ముందు వరసలో నిలబడి కేకలు వేశాను.

ఒక ఏడాది చలికాలంలో అక్క చెల్లెలికే పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు ఇక్కడే ఎయిర్‌పోర్టులో పని. అందరూ ఇక్కడే ఉన్నారు, వాళ్ల అమ్మ తప్ప. ఆమె సూడాన్‌లో కాలు విరిగి మంచంలో ఉంది, విమానం ఎక్కే వీలు లేదు. పెళ్లిలో పిల్ల పక్కన తల్లి నిలబడే చోట అక్క నిలబడాలని ఇంటివాళ్లంతా అన్నారు. వాళ్ల అమ్మ తన తోబ్ ఒకరి చేత పంపింది. తోబ్ అంటే వాళ్ల ఆడవాళ్లు గౌను మీద ఒంటికి చుట్టి తల మీదుగా కప్పుకునే పొడుగాటి బట్ట. పండిన మామిడిపండు రంగు, వెండి జరీ. అక్క పెళ్లిలో వాళ్ల అమ్మ కట్టుకున్నది అదే. దాన్ని మడతలు విప్పి నాకు చూపించినప్పుడు గదంతా గంధపు పొగ వాసన.

"అమ్మ రాలేదు, ఆమె తోబ్ వచ్చింది," అంది అక్క. "దీన్ని కట్టుకుని నిలబడితే చెల్లికి అమ్మ ఉన్నట్టే. ఆ రోజు నేను ఏడవను. అమ్మ అయితే ఏడవదు."

అంచుల్లో కొంచెం దారాలు ఊడాయి. అవి కుట్టించడానికి తోబ్‌నూ, పక్కలు వదులు చెయ్యమని లోపల వేసుకునే గౌనునూ మా దుకాణంలో ఇచ్చి వెళ్లింది. ఆ పూట నేను కూరగాయలకని మనామా వెళ్లాను. దుకాణంలో ఉన్నది మా ఆయనా, ఆయన కత్తెరా.

మర్నాడు దుకాణంలో దండెం మీద మామిడిపండు రంగు జాకెట్ వేలాడుతోంది. మెడకు పైపింగు, వెనక ముడి, చేతులకు జరీ అంచు. పండక్కి కుట్టినట్టు ఎంత ముచ్చటగా ఉందో!

"ఎవలదయ్యా గీ జాకీట్?" అన్నాను.

"పైనక్కది."

"అక్క జాకీట్ ఎందుకేసుకుంటది?"

"చీరెకు జాకీట్ ఉండదానే? ఆది కూడ ఇచ్చిపాయె." ఆయన గౌను చూపించాడు. పక్కలు వదులు చెయ్యమని ఇచ్చిన గౌను. మన ఆడవాళ్లు చీరతో పాటు కొలతకు పాత జాకెట్ ఇచ్చి వెళ్తారు కదా, దాన్ని ఆది జాకెట్ అంటాం. ఈయన ఆ గౌనును ఆది అనుకున్నాడు. పాతికేళ్లుగా చీర చేతికి రాగానే చెంగు వదిలేసి రెండో కొసన జాకెట్ ముక్క చింపడం అలవాటైన చెయ్యి. అంత పొడుగు బట్ట కనబడితే ఆగుతుందా?

"అది చీరె గాదయ్యా, తోబ్!"

"గదే, ఆల్ల చీరె."

"పొట్టిగున్నదని సమజ్ గాలేదా నీకు?"

"అయింది. కుచ్చిళ్లు పెట్టరు గదా, సరిపోతదనుకున్న." అప్పటికి ఆయన గొంతు తగ్గింది. అయినా కింద పడ్డా నాదే పైచేయి అనే మనిషి. "పైపింగ్ మట్టుకు మంచిగొచ్చింది జూడు," అన్నాడు. ఇస్త్రీపెట్టె నా చేతికి అందేంత దూరంలో లేదు, ఆయన అదృష్టం.

పెళ్లి రెండు రోజుల్లో ఉంది. దాచిపెట్టే వీలు లేదు. ఆ సాయంత్రం అక్క వచ్చింది. నేను చెప్పేలోపే ఆమె తోబ్ తీసుకుని అలవాటుగా ఒంటికి చుట్టుకుంది, చెంగు తల మీదికి విసిరింది. చెంగు భుజం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ విప్పి బిగించి చుట్టింది. మళ్లీ భుజం దాకానే. అద్దంలో తల మీద ఏమీ లేకుండా నిలబడి చూసుకుంది. అప్పుడు దండెం మీది జాకెట్ ఆమెకు కనబడింది.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె ఇస్త్రీ బల్ల పక్కనున్న ముక్కాలిపీట మీద కూలబడింది. "ఇప్పుడు నేను ఏం కట్టుకుని అమ్మ చోట నిలబడను?" అని నన్నే అడిగింది. నా పెళ్లి పట్టుచీర తెస్తాను, అదే చుట్టుకో అక్కా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా ఆయన కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూశాడు.

తర్వాత ఆయన జాకెట్ తీసుకుని మిషను ముందు కూర్చున్నాడు. బ్లేడుతో కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. తాను కుట్టినది విప్పడం మా ఆయన చరిత్రలో లేదు. తల ఎత్తకుండానే, "కింద సంచిల ముక్కలుంటయి. ఒక్కటి ఇడువకుండ ఏరున్రి," అన్నాడు.

బల్ల కింద సంచి బోర్లించాం. కెన్యా వాళ్ల పూల గుడ్డలు, అరబ్బుల నల్ల పీలికలు, ఇథియోపియా తెల్ల నూలు, అన్నీ నేల మీద కుప్ప. నేనూ అక్కా ఎదురెదురుగా చతికిలబడి మామిడిపండు రంగు ముక్కలు ఏరాం. చంక దగ్గర కోసిన నెలవంక ముక్క దొరికినప్పుడు అక్క పెద్దగా కేక వేసింది, ముక్కుపుడక దొరికినట్టు. అక్కడితో ఆమె ముఖం కాస్త తేటపడింది. మెడ దగ్గర కోసిన ముక్క ఒక్కటి మాత్రం ఎంత వెతికినా లేదు. అక్కడ నా పాత జాకెట్‌కు మిగిలిన పసుపు గుడ్డ ముక్క వేశాడు.

చేతులు, వీపు, ముందు భాగాలు అన్నీ ఒకదాని పక్కన ఒకటి చేర్చి, మళ్లీ బట్ట చేసి, తోబ్ కొసకు అతికాడు. చూస్తే పొలాల గట్లలా అడ్డదిడ్డంగా కుట్లు. కానీ చుట్టుకునేటప్పుడు ఆ కొస అన్నిటికంటే లోపలికి పోతుంది. అక్క మళ్లీ చుట్టుకుంది. ఈసారి చెంగు తల మీద కూర్చుంది. బయటికి ఒక్క కుట్టు కనబడదు.

"జూస్తివా, ఎవలకన్న తెలుస్తదా?" అన్నాడు మా ఆయన నాతో. మీసం మళ్లీ లేచింది.

పెళ్లి జుఫైర్‌లో ఒక చిన్న హాలులో. మమ్మల్నిద్దరినీ ముందు కుర్చీల్లో కూర్చోబెట్టారు. గంధపు చెక్కల పొగ, ఆడవాళ్ల మధ్య దలూకా అనే మట్టి డోలు, నాలుక ఆడిస్తూ వేసే కూతలు. మగవాళ్లు చెయ్యి పైకెత్తి చిటికెలు వేస్తూ పెళ్లికొడుకు చుట్టూ తిరుగుతున్నారు. మా ఆయనను కూడా లాగారు. ఆయన చిటిక వేయబోతే వేలు జారింది. నేను నవ్వలేక చచ్చాను. వీడియో తీస్తున్న మలయాళీ అబ్బాయి భుజం మీద పెద్ద కెమెరాతో ఆయన వెంటే తిరిగాడు. ఆ క్యాసెట్ వారంలో సూడాన్ వెళ్తుందట, మంచంలో ఉన్న తల్లికి.

అక్క పెళ్లికూతురి పక్కన నిటారుగా నిలబడింది. ఎర్ర దారం కట్టింది, గంధం అద్దింది, పెద్దవాళ్లు దీవిస్తుంటే తల్లిలాగే తల ఊపింది. నాకు వాళ్ల అమ్మ ఎలా ఉంటుందో తెలియదు, ఇలాగే ఉంటుందనుకున్నాను. పిల్ల పాలు ముందు ఉమ్మింది. హాలు దద్దరిల్లింది. ఆ సంబరంలో అక్క చేతులెత్తి ఆడింది. తోబ్ జారడం, దాన్ని చూడకుండానే మళ్లీ పైకి విసురుకోవడం వాళ్లకు ఊపిరి తీసుకున్నంత మామూలు. ఈసారి విసరబోయేసరికి లోపలి కొస మొత్తం బయటికి ఊడి వచ్చింది.

డోలు ఆగింది. గంధం రంగు వెలుతురులో ఆ ముక్కల కుట్లన్నీ అందరి కళ్ల ముందు. మా ఆయన తన చెప్పుల వైపు చూస్తున్నాడు. కెమెరా లైటు సరిగ్గా అతుకుల మీదే ఉంది.

అక్క ఆ కొసను చూసింది. దాచుకుంటుందనుకున్నాను. రెండు చేతులతో పట్టుకుని కెమెరా ముందు విప్పి పరిచింది.

"యుమ్మా, చూడు," అంది కెమెరాతో. "నీ తోబ్‌ను ఏం చేశారో చూడు. ఇదిగో ఇది చెయ్యి. ఇది వీపు. ఈ పసుపు ముక్క నీది కాదు, మా కింది ఇంటి ఇండియా ఆమెది."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అక్క కూడా నవ్వుతూనే ఉంది.

"నువ్వు వస్తే ఎవరైనా దీని మీద కత్తెర పెట్టేవాళ్లా యుమ్మా? నువ్వు ఎందుకు రాలేదు?"

ఆ రెండో మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. సాయంత్రం నుంచి తల్లిలా నిలబడ్డ మనిషి, చిరిగిన గౌనుతో బడి నుంచి ఇంటికొచ్చిన పిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. పీట మీద నుంచి లేవకూడని పెళ్లికూతురు లేచి వచ్చి, ఆ అతుకుల కొసను తన తల మీద కప్పుకుని అక్కను వాటేసుకుంది. నా పక్కన మా ఆయన కళ్లు తుడుచుకోవడం ఆ రోజే మొదటిసారి చూశాను.

కెమెరా అబ్బాయికి అరబ్బీ రాదు. ఏం జరుగుతుందో తెలియక నా వైపు తిరిగి, ఆపేయనా దీదీ అని హిందీలో అడిగాడు.

"నక్కో భాయ్, ఆపకు," అన్నాను. "తియ్యి. వాళ్లమ్మ చూడాలి."