డాక్టరుగారు పెట్టని సంతకం

మా డాక్టరుగారు పోయారని మొన్న పొద్దున పర్చూరు బస్సు దిగినవాళ్ళు చెప్పారు. నేను నమ్మలేదు. ఎవరేం చెప్పినా మరో ఇద్దర్ని అడిగి తెలుసుకోవడం నా జబ్బు. ఆ జబ్బుకు మందిచ్చింది ఆయనే.

పత్తి పంట దెబ్బతిన్న ఏడాది నాకు కంటిమీద కునుకు లేకుండా పోయింది. పక్క చేను మా పెదనాన్న కొడుకుది. వాడు నా బావిలో పురుగుమందు కలుపుతున్నాడని, నా మిరప నారు పీకేస్తున్నాడని అనుకునేవాణ్ణి. ఇంట్లో మంచినీళ్ళు కూడా మా ఆవిడ ముందు తాగితేనే తాగేవాణ్ణి. ఆవిడే నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరుగారు మాత్రల పేరు చీటీ మీద రాసి, నాచేత పైకి చదివించి, అప్పుడు చేతిలో పెట్టేవారు. "అనుమానమొస్తే అడుగు. లోపల దాచుకుంటే పులిసిపోద్ది," అనేవారు.

కాస్త కుదుటపడ్డానని అందరూ అనుకుంటున్న రోజుల్లో తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను. అడవిపందుల కోసమని రాశాను. పందులు రావడం నిజమే. నా ఆలోచన మాత్రం మా పెదనాన్న కొడుకు మీదే ఉంది.

విచారణకు హెడ్ కానిస్టేబులు వచ్చాడు. ఊళ్ళోవాళ్ళు మంచివాడనే చెప్పారు. మతి నిలకడగా ఉందని డాక్టరు సంతకం కావాలని ఒక కాగితమిచ్చాడు. ఆ కాగితం తీసుకెళితే డాక్టరుగారు చదివి, మడిచి, తిరిగి నా చేతికే ఇచ్చారు.

"నేను పెట్టనయ్యా."

"ఎవరు చెప్పారండీ మీకు? వాడొచ్చాడా ఇక్కడికి?"

"ఎవరూ రాలా. నీ సంగతి నేను ఎవరికీ చెప్పను. అట్లాగని ఈ సంతకమూ పెట్టను."

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన విని, "నామీద కోపంతో మందు మానెయ్యకు," అన్నారు.

లైసెన్సు రాలేదు. ఆయన నా గుట్టు విప్పేశారనే అనుకున్నాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి, అరుగు మీద ఎవరు గొంతు తగ్గించి మాట్లాడుకున్నా నా గురించేననిపించేది. మా ఆవిడ ఒట్టు పెట్టబట్టి మందు మాత్రం మానలేదు. ఆయనా చీటీ చదివించడం మానలేదు.

దహనం దగ్గర ఆ హెడ్ కానిస్టేబులు కనిపించాడు. రిటైరయ్యాడట. డాక్టరుగారు అప్పట్లో నా గురించి ఏం చెప్పారని ఉండబట్టలేక అడిగేశాను.

"ఆయన దగ్గరికి మూడుసార్లు వెళ్ళానండీ," అన్నాడతను. "మీ కాగితాలు చూపించమంటే బీరువాకి తాళం వేసి కూర్చున్నారు. సంతకం పెట్టలేదని రాసుకో, అంతకు మించి నా దగ్గర ఏం దొరకదు అన్నారు. ఎందుకో నాకివాళ్టికీ తెలీదు."

నిజమేనా అని అతని మొహంలోకి చాలాసేపు చూశాను. అతను చితివైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

చేలగట్టున ఇంటికొస్తుంటే కల్లంలో మా పెదనాన్న కొడుకు మిరపకాయలు ఎండబోస్తున్నాడు. "ఏరా, పెద్దాయన్ని సాగనంపొచ్చావా?" అని కేకేశాడు. వచ్చానన్నాను. వాడు నావైపు వీపు పెట్టి, ఆ ఎర్రటి కాయల మధ్య మళ్ళీ పనిలోకి ఒంగాడు. తుపాకీ లేని చేతులతో ఎండలో అక్కడే నిలబడి, ఆ వీపునే చూస్తూండిపోయాను.