నూలు పోగుతో కొలిచిన తొవ్వ

మొన్న పొద్దున కోరుట్లలో మా ఇంటి ముందు ఒక లారీ ఆగింది. ఇద్దరు మనుషులు దాని మీది టార్పాలిన్‌ను లాగి, దులిపి, నేల మీద పరిచినప్పుడు, ఎండకు కాగిన ఆ గుడ్డలోంచి డీజిలూ పాత వానా బెల్లం బస్తాలూ కలిసినట్టుండే ఒక వాసన వంటింటి దాకా వచ్చింది. నేను పొయ్యి ఆర్పేసి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. మా అమ్మాయి స్రవంతికి బ్యాంకు ఉద్యోగం. నాసిక్‌కు బదిలీ అయింది. సామాను లారీలో పోతుంది, అమ్మాయీ అల్లుడూ రెండు రోజులాగి కారులో పోతారు. అరుగు మీద కూర్చుని స్రవంతి ఫోనులో తొవ్వ చూసుకుంటోంది. మెట్‌పల్లి, ఆర్మూరు, నిజామాబాద్, బోధన్, నాందేడ్. ఫోను ఒక్కొక్క పేరే చెబుతుంటే, తరువాతి పేరు నా నోట్లో ముందే సిద్ధంగా ఉంది. ఆ తొవ్వలో నేను ఆర్మూరు దాటి ఎన్నడూ పోలేదు. అయినా పదకొండేళ్ల వయసు నుంచి అది నాకు కంఠతా వచ్చు.

అప్పుడు మేము సిరిసిల్లలో ఉండేవాళ్లం. మా వాడకట్టులో ప్రతి ఇంటి వెనకా సాంచలుండేవి. కరెంటుతో నడిచే మగ్గాలను మా వైపు సాంచలంటారు. వాటి చప్పుడు మా ఇళ్లలో గాలిలాగా ఉండేది, ఆగినప్పుడే వినబడేది. వాకిళ్ల నిండా గంజి పట్టిన నూలు ఆరుతుండేది. వానాకాలంలో ఆ గంజికి పుల్లటి వాసన పట్టి, మా బట్టలకూ జుట్టుకూ అన్నం మెతుకులకూ అదే వాసన అంటేది. పిల్లలం కండెల మీద నూలు చుట్టగా మిగిలిన పోగులతో బొమ్మలకు చీరలు కట్టేవాళ్లం, అరుగుల మీద అచ్చనగండ్లు ఆడేవాళ్లం. బతుకమ్మ వచ్చిందంటే తంగేడు పువ్వు కోసం తెల్లారకముందే ఎల్లంతకుంట తొవ్వ పట్టేవాళ్లం. సద్దుల నాడు బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, జొన్నరొట్టెలో బెల్లం వేసి దంచి చేసే మలీద ముద్దల కోసం పొద్దటి నుంచే ఆమె కొంగు పట్టుకుని తిరిగేవాళ్లం.

అవి గోడల మీద ఎర్ర అక్షరాలు లేచి, మరునాటికి వాటి మీద సున్నం పడుతుండే రోజులు. వయసులో ఉన్న మగపిల్లవాడు ఇంట్లో ఉండడమే భయం. పోలీసులు బస్సుల్ని ఆపి పడుచువాళ్లను దింపి వరుసగా నిలబెట్టేవారు. మా ఇంట్లో ఆ వయసువాడు రాజేశం కాక, మేము బాపు అని పిలిచే మా నాన్నకు తమ్ముడు. సంఘాలతో అతనికి సంబంధం లేదు. అక్షరం రాదు. కానీ వేళ్లున్నాయి. సాంచ మీద ఒక నూలు అయిపోయి కొత్తది ఎక్కించేటప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటిగా కలపాలి. దాన్ని అచ్చు అతకడం అంటారు. వేల పోగులు. ముడి వేయకూడదు. బూడిద అద్దుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిపెట్టాలి. కాక అతికిన చోటు కంటికి కనబడేది కాదు, చేతికి తగిలేది కాదు. కోనరావుపేట తొవ్వ మీది సాంచల నుంచి కూడా అతని కోసం మనిషి వచ్చేవాడు.

ఆ ఏడు పని మందగించింది. మహారాష్ట్రలోని భీవండిలో మనవాళ్లు చాలామంది ఉన్నారనీ, అచ్చు అతికేవాళ్లకు అక్కడ పనికి కొదవ లేదనీ కబురొచ్చింది. బాపు మూడు రోజులు ఊగిసలాడాడు. తేల్చింది బాపమ్మ.

"పని సంగతి నువ్వే సూస్కో. నా చిన్న పోరణ్ణి ఈ తావుకెళ్లి అవతల పడెయ్యి" అంది.

అలా అందరం కలిసి పోవాలని ఖాయమైంది. బాపుకు తెలిసిన ఒక లారీ బట్ట వేసుకుని భీవండి పోతుండేది. డ్రైవర్ చాచా దసరా దాటాక మమ్మల్నీ మా సామాన్నీ ఎక్కించుకుంటానన్నాడు. ఇక మా ఇంట్లో ప్రయాణం తప్ప వేరే మాట లేదు. నులక మంచాన్ని తిరగేసి వాడకట్టు పిల్లలమంతా దానిలో కూర్చుని భీవండి పోయి వచ్చేవాళ్లం. పెద్దవాళ్ల మాటల్లో మాత్రం లారీ రాకముందే సామానుతో నిండిపోయింది.

"రోలు లేనిది నేను రాను. భీవండిల రాళ్లు ఉంటయో ఉండయో ఎవలకెరుక?" అని బాపమ్మ.

"రాళ్లు లేని ఊరుంటదానే అవ్వా? లారీల నువ్వు కూసుంటవా, నీ రోలు కూసుంటదా, ఒకటి తేల్చు" అని బాపు.

"రోలునే కూసోబెట్టు. నేను దాని మీద కూసుంట."

నా పని వేరే. మా వాడకట్టుకు దగ్గరలో ఒక చిన్న లైబ్రరీ ఉండేది, రెండు బీరువాలు, ఒక పొడుగు బల్ల. కాక నన్ను రోజూ అక్కడికి తీసుకుపోయేవాడు. తాను లోపలికి రాకుండా గడప దగ్గర కూర్చునేవాడు, తిరిగొచ్చేటప్పుడు చదివినదంతా నాతో చెప్పించుకునేవాడు. ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది. అయినా ఏం చదివావని ఎవరడిగినా నేను ఇప్పటికీ "రెండు బీరువాలు" అనే చెబుతాను. అందులో గర్వం ఉంది, దాచుకోను. ఆ బీరువాల్లో వెన్ను ఊడిన పెద్ద అట్లాసు ఒకటి ఉండేది. ప్రతి పటం కింద ఒక గీత, దాని మీద అంకెలు. అదేమిటో నాకు ఏ సారూ చెప్పలేదు. ఒక రోజు సిరిసిల్ల నుంచి కరీంనగర్ దాకా తొవ్వ వంపుల వెంట నూలు పోగు పరిచి, ఆ పోగును తీసి గీత పక్కన పెడితే, రోడ్డు పక్క రాయి మీది అంకెకు దగ్గరగా వచ్చింది. పరుగెత్తుకుంటూ బయటికి వచ్చి కాకకు చెప్పాను. నేతపిల్లకు కొలబద్ద ఎందుకు!

ఏ తొవ్వన పోవాలన్న దగ్గర గొడవ వచ్చింది. కామారెడ్డి మీదుగా పోతే దగ్గరన్నాడు డ్రైవర్ చాచా. జగిత్యాలలో ఉన్న బిడ్డను, అంటే మా మేనత్తను, చూడకుండా పోనంది బాపమ్మ. కోరుట్ల మా అమ్మ పుట్టిల్లు. "మా తల్లిగారి గడప తొక్కకుంట దేశం దాటాల్నా?" అని అమ్మ కళ్లొత్తుకుంది. నేను లైబ్రరీకి పోయి రెండు తొవ్వలూ పోగుతో కొలిచి వచ్చి, జగిత్యాల, కోరుట్ల మీదుగా పోతే రెండు వేళ్లంత పోగు మాత్రమే ఎక్కువ పడుతుందని అందరి ముందూ పరిచి చూపించాను. డ్రైవర్ చాచా నవ్వి, "బేటీ చెప్పిందంటే అంతే. గట్లనే పోదాం" అన్నాడు. అమ్మ నన్ను దగ్గరకు తీసుకుంది. ఆ రోజు నాకంటే గొప్పవాళ్లు సిరిసిల్లలో ఎవరూ లేరు.

మహారాష్ట్ర పటం వేరే పేజీలో ఉంది. ఆ పేజీ మీద నా పోగు ఇట్టే భీవండి చేరింది. "గంతేనా? మాపటికల్ల పోతం" అంది బాపమ్మ. మూడో రోజు గానీ నాకు తెలియలేదు, ఆ పేజీ కింది గీత వేరు, పెద్ద రాష్ట్రం కాబట్టి చిన్నదిగా గీశారని. లెక్క మళ్లీ వేస్తే పోగు చాలలేదు. ఏడుస్తూ కూర్చుంటే కాక వచ్చి, "గీనికే ఏడుస్తరా?" అని ఇంకో పోగు తెచ్చి, బూడిద అద్దుకుని, బోధన్ అవతల రాష్ట్రం మారే చోట దాన్ని అతికాడు. ఊరూరికీ సిరా చుక్క పెట్టి ఆ పోగును ఒక కండెకు చుట్టుకున్నాను.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. నూలు కట్టల మీద వచ్చే దళసరి కాగితం వెనక తొవ్వంతా పటంగా గీశాను. అట్లాసులో రోడ్లు ఎర్రగా ఉన్నాయి కాబట్టి ఎర్ర సిరాతో గీశాను. వంతెనలకు రెండు గీతలు. పెట్రోలు పోసే చోట్లకు సున్నా. దారిలో లారీని ఎక్కడెక్కడ ఆపి చూస్తారో డ్రైవర్ చాచాను అడిగి, బాపమ్మ బెదరకుండా ముందే చెబుదామని, అక్కడ ఇంటూ గుర్తులు పెట్టాను. కింద నా పేరు రాద్దామనుకుని, లైబ్రరీ పటాల మీద గీసినవాళ్ల పేరు కనబడదని మానేశాను.

లారీ పోవడానికి నాలుగు రోజుల ముందు, మేము ఏ పూటకు చేరతామో మేనత్తకు చెప్పి రావడానికి కాక జగిత్యాల బస్సెక్కాడు. ఆమెకు చూపిస్తానని పటం మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు. "మన పోరి పనితనం అత్త గుడ సూడనీ" అన్నాడు. మల్యాల దరిదాపుల్లో బస్సును ఆపారు. అదే బస్సులో ఉన్న మా వాడకట్టు మనిషి ఒకాయన సాయంత్రానికి తిరిగొచ్చి, వాకిట్లో నిలబడే చెప్పాడు.

"రాజేశాన్ని తీస్కపోయిండ్రు. జేబుల ఏందో పటం దొరికిందట. వంతెనలు, చెకింగులు అన్నీ రాసున్నయట."

ప్రయాణానికని మలీద దంచుతున్న బాపమ్మ చేతిలో రోకలి ఆగింది. ఆ పటం సంగతి కాకకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ప్రయాణం నాడు తీసి అందరినీ ఆశ్చర్యపరుద్దామని దాచాము. నేను లోపలికి పోయి, చిత్తు గీతల కాగితాలన్నీ పొయ్యిలో పెట్టాను. నోరు మాత్రం తెరవలేదు. మరునాడు లైబ్రరీకి పోతే, అక్కడి సారు అట్లాసును బల్ల మీది నుంచి తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. "ఇగ కథల పుస్తకాలు సదువు బిడ్డా" అన్నాడు. ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలిసింది.

బాపు రోజంతా తిరిగేవాడు, వాళ్లనూ వీళ్లనూ బతిమాలేవాడు. లారీ ఆగదు. చిన్న కొడుకు లేకుండా కదలనని బాపమ్మ. అక్కడ మాట ఇచ్చిన పనికి ఒక్కడైనా పోకపోతే అదీ పోతుంది. నాలుగో రోజు బాపు ఒక్కడే ఎక్కాడు, చిన్న ట్రంకు పెట్టె, మలీద ముద్దల మూటతో. జగిత్యాల, కోరుట్ల చూడవలసినవాళ్లు ఎవరూ లారీలో లేరు కాబట్టి చాచా కామారెడ్డి తొవ్వనే పట్టాడు. టార్పాలిన్ మూల ఒకటి గాలికి కొట్టుకుంటూ మలుపు తిరగడం చూశాను. ఆ వాసన కొంతసేపు వాకిట్లోనే ఉంది.

ఊరి పెద్దమనిషి ఒకరు పూచీ పడ్డాక, తొమ్మిదో రోజున కాక ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ల గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని తాగాడు. అందరూ లోపలికి పోయాక నన్ను దగ్గరకు పిలిచాడు.

"పటం జబర్దస్తు గీసినవు బిడ్డా. ఠాణల సారు గుడ మెచ్చిండు. గింత మంచిగ ఎవలు గీసిండ్రో చెప్పుమని దినాం అడిగిండు."

"నువ్వేమన్నవ్ కాకా?"

"నేనే గీసిన్నని అన్న. మళ్ల గీయుమన్నడు." తన కుడిచేతి వేళ్ల వంక చూసుకుని నవ్వబోయాడు. "నాకు గీసుడత్తదా?"

చేతిని ఒళ్లోకి తీసుకుని, "పోగున్నదా?" అని అడిగాడు. ఉందన్నాను.

"దాసిపెట్టు. దాని మీద అచ్చరం లేదు, ఎవ్వలు సదువలేరు."

ఆ బొటనవేలికీ చూపుడువేలికీ స్పర్శ మళ్లీ రాలేదు. బీడీ చివరిదాకా కాలి చర్మం చుర్రుమన్నా అతనికి తెలిసేది కాదు. అచ్చు అతకడానికి రెండు సార్లు కూర్చుని, లేచిపోయాడు. తరువాత సాంచల దగ్గర నూలు చుట్టిన బరువైన బీములు మోశాడు. బాపు ఏడాదికోసారి దసరాకు వచ్చి పోయేవాడు. నేను బడి మాని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టడం నేర్చుకున్నాను. చేట ఒళ్లో, పుస్తకం మోకాలి పక్కన.

బాపమ్మ బతికినన్నాళ్లూ అన్నం ముందు కూర్చుని ఒకటే మాట అనేది. "ఎవడో పాపాత్ముడు గీసిన కాయితం నా కొడుకు జేబుల వెట్టిండు. వాని చేతులు పడిపోను." నేను పక్కనే కూర్చుని ముద్ద మింగేదాన్ని. ఎడమచేత్తో తింటున్న కాక తలెత్తకుండా అనేవాడు, "తిట్టకే అవ్వా. గీసినోళ్లు చిన్నోళ్లయి ఉంటరు."

ఆ తిట్టు తగలవలసింది నాకేనని నేను చెప్పకముందే బాపమ్మ పోయింది. బాపు పోయాడు. నాలుగేళ్ల కింద కాక పోయాడు. ఇప్పుడా లైబ్రరీ ఉన్న చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. గోడల మీద ఎర్ర అక్షరాలు లేవు, వాటి మీది సున్నం కూడా రాలిపోయింది. చేత్తో అచ్చు అతికేవాళ్ల కోసం ఊరూరూ తిరిగే మనుషులు లేరు. తొవ్వలో వచ్చే ఔరంగాబాద్‌కు ఫోనులో వేరే పేరు కనిపించింది.

మొన్న అరుగు మీద ఇదంతా మొదటిసారి చెప్పాను, మా స్రవంతికి. కత్తెర డబ్బాలోంచి కండె తెచ్చి పోగు విప్పి ఫోను పక్కన పరిచాను. పసుపు రంగు తిరిగిన నూలు, మాసిన సిరా చుక్కలు. సిరిసిల్ల, వేములవాడ, జగిత్యాల, కోరుట్ల. స్రవంతి పోగు పక్క నుంచి ఫోను తీసి ఒళ్లో పెట్టుకుంది. తరువాత, "కారులో ముందు సీటు నీదే అమ్మా. నాసిక్ దాకా వస్తున్నవు" అంది. సరేనన్నాను.

"తాత అతికింది ఎక్కడ?" అని అడిగి, రెండు చోట్ల గోటితో చూపించింది. అక్కడ కాదు. బోధన్ చుక్క దాటాక, నాందేడ్ చుక్క రాకముందు. కళ్లు మూసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ పోగును మెల్లగా లాగాను. ఎక్కడా ఆగకుండా నున్నగా జారిపోయింది. మళ్లీ బోధన్ దగ్గరికి వెళ్లి, ఇంకోసారి లాగాను.