జానెడు మిగిలిన చీర

జిల్లా పేజీలో ఒక మూల, రాశిఫలాలకు పైన, ఒక వార్త వచ్చింది. "గోల్ఫ్ ఆడి మతి పోగొట్టుకున్న వృద్ధుడు, మగ్గంతో మంత్రం వేసిన భార్య" అని దాని శీర్షిక. కత్తిరించి, తేదీ వేసి, దాచాను. అందులో ఎమ్మిగనూరు అన్న మాట తప్ప నిజం ఒక్కటీ లేదు. ఆయన వయసు తప్పు. ఆమె పేరు తప్పు. ఆమె నేసే మగ్గాన్ని క్షుద్రపూజల సామగ్రి అనడం తప్పు కూడా కాదు, అపరాధం. సంపాదకుడికి పంపిన ఖండనకు నకలు నా దగ్గర ఉంది. అది అచ్చు కాలేదు. కనుక జరిగినది జరిగినట్టుగా ఇక్కడ రాస్తున్నాను.

హనుమంతరాయుడు గారు ఎమ్మిగనూరులో నేతపని ఇంట పుట్టి, చదువుకొని, బళ్ళారి వైపు ఒక గనుల కంపెనీలో స్టోర్సు అధికారిగా పనిచేసి రిటైరైన మనిషి. ఆ కంపెనీ కాలనీలో అధికారులు ఆడుకోవడానికి ఒక గోల్ఫ్ మైదానం ఉండేది. పచ్చిక తక్కువ, ఎర్రమట్టి ఎక్కువ. బదిలీ మీద పోతూ ఒక ఇంజనీరు తన పాత కర్రల సంచిని స్టోర్సులో వదిలేసి పోతే, అడిగేవాళ్ళు లేక, ఈయన దాన్ని భుజానికెత్తుకున్నారు. మళ్ళీ దించలేదు.

రిటైరయ్యాక సొంత ఊరిలో, తాను దగ్గరుండి కట్టించుకున్న ఇంటికి వచ్చినా ఆ సంచి వెంటే వచ్చింది. సోమప్ప సర్కిల్లో ఆ సంచితో ఆటో ఎక్కే మనిషి ఆయన ఒక్కరే. పక్కింట్లో ఉండే మద్దయ్య, ఆయన భార్య సులోచన గారికి వరుసకు తమ్ముడు, తానూ నేతగాడే, ప్రతిసారీ అడిగేవాడు.

"ఏంబ్బా, దసరా ఇంకా దూరముండాదే! అప్పుడే కర్రలెత్తుకొని దేవరగట్టు కొట్లాటకు పోతాండావా?"

"ఆడ తలకాయలు కొడతారు, ఈడ బంతి కొడతాము. నీ తలకాయ మా గుంతలో పట్టదులే, పో."

ఆ దంపతులు ఊరకే కూర్చునే రకం కాదు. హంపికి రెండు పూటల్లో పోయి వచ్చేవారు. గోకర్ణం పోతే వారం ఉండేవారు. వేసవి సెలవుల్లో, ఆదోనిలో సైన్సు పంతులమ్మగా ఉన్న కూతురు శ్రీలక్ష్మితో కలిసి ఏదో ఒక సముద్రం ఒడ్డుకు. ఏడాదికొకసారి, వానలు తగ్గాక, కొడగు కొండల్లో గోల్ఫ్‌కు. అక్కడ ఆయన మంచులో బంతి వెంట నడుస్తుంటే, ఆమె వసారాలో కాఫీ తాగుతూ చూసేది. తిరిగివచ్చాక టికెట్లన్నీ ఆదోని తెచ్చి, పాత స్నేహితుణ్ణని నా చేతిలో పెట్టేవారు. "దాచిపెట్టు స్వామీ. నువ్వు దాచకపోతే మేము పోయినట్టే ఉండదు" అనేవారు ఆయన.

సులోచన గారి ఇంట ఒక ఆచారం ఉంది. ఎమ్మిగనూరు నేతవాళ్ళందరిదీ అని నేననను; ఆమె తల్లి మహాదేవమ్మ పాటించారు, ఈమె పాటిస్తున్నారు. ఊరికి పోయేముందు మగ్గం మీది బట్టను పూర్తిచేసి కోయరాదు. కనీసం జానెడు నేత మిగిల్చి, అడ్డపోగు నడిపే నాడెను పడుగు మీద ఉంచి, అప్పుడు తలుపు వేయాలి. సగంలో ఉన్న పని ఇంట్లోంచి పిలుస్తుందట. పోయినవాళ్ళు ఆ పిలుపు పట్టుకొనే ఇల్లు చేరతారట. ఆడవాళ్ళు పైకి చెప్పుకోకుండా తల్లి నుంచి కూతురికి అందించుకునే సంగతి అది. మద్దయ్య ఎరగడు.

పోయిన ఏడు దీపావళి దాటాక దంపతులు కొడగుకు పోయారు. తులసికి నీళ్ళు పోయమని తాళంచెవి మద్దయ్యకు ఇచ్చారు. నేతగాడి కంటికి జానెడు మిగిలిన బట్ట పంటిలో ఇరుక్కున్న నార లాంటిది. మద్దయ్య కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. తరువాత ఓర్చుకోలేకపోయాడు.

వాళ్ళు తిరిగివచ్చింది ఉదయం పూట. తలుపు తెరవగానే సులోచన గారికి ఖాళీ మగ్గం కనిపించింది. చీర మడతపెట్టి, పసుపు కుంకుమతో, బల్ల మీద ఉంది. మద్దయ్య మెచ్చుకోలు కోసం గడప దగ్గరే నిలబడి ఉన్నాడు.

"అక్కా, జానెడు నేతకు చీర ఆగిపోయిందే అని సూడలేకపోతి. నేసి, కోసి పెట్టినా. సూడు, అంచు యాడన్నా వంకర పోయిందేమో!"

"ఎప్పుడు కోసినావురా?"

"నిన్న పొద్దున్నే."

"నిన్న పొద్దున ఆయప్ప ఇంగా మంచులో ఆడతాండె..." అని ఆమె వెనుదిరిగి చూశారు.

హనుమంతరాయుడు గారు గడప దాటి లోపలికి వచ్చారు. తలమీద టోపీ లేదు, ఎక్కడో మరచివచ్చారు. బూట్లు విప్పలేదు. తాను నిలబడి కట్టించుకున్న గోడల వైపు, మగ్గం గుంట వైపు తేరిపార చూసి, ఎంతో మర్యాదగా అడిగారు.

"రూము బాగుండాది. తాళంచెవి ఎవురిస్తారు?"

మద్దయ్య పగలబడి నవ్వాడు. నవ్వింది అతనొక్కడే.

ఆ రోజు నుంచి ఆయన ఆ ఇంట్లో బస చేసిన అతిథి. పెట్టె సర్ది తలుపు పక్కన ఉంచుకునేవారు. వాడిన తువ్వాలును మడిచి మంచం చివర పెట్టేవారు. తిన్న తరువాత సులోచన గారితో "భోజనం బాగుండాదమ్మా" అనేవారు. కట్టుకున్న భార్యను, అమ్మా అని. రోజూ ఒకే మాట: "రేపు ఇంటికి పోతాండాము."

కర్నూలులో తల స్కాన్ తీయించారు. "వయసుకు తగినట్టే ఉంది" అని రిపోర్టు; దానికీ నకలు తీసుకున్నాను. మతిమరుపు అనడానికి ఆ డాక్టరుకే నోరు రాలేదు. ఆయనకు అన్నీ గుర్తున్నాయి. తాను ఇల్లు చేరానన్న ఒక్క సంగతి తప్ప. శ్రీలక్ష్మి ఎదురుగా కూర్చుంటే, "మాకూ ఒక కూతురుండాది తల్లీ, ఆదోనిలో. అచ్చం నీ మాదిరే ఉంటాది" అన్నారట. ఆ పిల్ల వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

నేనూ చూడబోయాను. ఆయన లేచి నమస్కరించారు.

"ఎప్పుడు దిగినారు సార్? ఏ ఊరు మీది?"

"ఆదోని" అన్నాను.

"ఓ, మాది పక్కనే, ఎమ్మిగనూరు. మీ ఊళ్ళో నాకొక స్నేహితుడుండాడు. కాగితం ముక్క గూడా పారేయడు మహానుభావుడు" అని నా పేరు చెప్పారు. ముఖంలోకి చూస్తూనే చెప్పారు.

అప్పుడే సులోచన గారు నన్ను పక్కకు పిలిచి ఆయన బూట్లు చూపించారు. మాఘమాసం. ఎమ్మిగనూరులో వాన పడి నెలలు దాటింది. రాత్రంతా ఆయన మంచం దిగలేదని ఆమె ఒట్టు పెట్టి చెప్పారు. బూట్ల అడుగులు మాత్రం తడిగా ఉన్నాయి. వాటికి సన్నని, లేత, నిగనిగలాడే గడ్డిపరకలు అంటుకొని ఉన్నాయి. మా కరువు సీమలో ఆ గడ్డి లేదు.

"రోజూ ఇంతేనన్నా. తుడిచి పెడతా. తెల్లారేసరికి మల్ల ఇట్లే" అందామె. ఒక గడ్డిపరకను తీసి, కవరులో పెట్టి, తేదీ వేసుకున్నాను. వారాలు గడిచినా అది వాడలేదు. కవరు తెరిచిన ప్రతిసారీ నా వేలికి తడి తగిలేది.

ఊరు ఏమన్నదో రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. ముసలితనంలో షికార్లకు పోయినందుకు దేవుడు చేసిన శాస్తి అన్నారు. జీవితమంతా ఇతరుల సామాను లెక్క చూసిన మనిషి చివర నాలుగు చోట్లు తిరిగితే ఏ దేవుడికి కోపం వస్తుందో వాళ్ళే చెప్పాలి. ఆయనను ఏదైనా ఆశ్రమంలో చేర్చమని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. వాళ్ళకు సులోచన గారు ఒకటే జవాబు చెప్పారు: "ఇల్లు చేరని మనిషిని ఇంగా యాడికి పంపాల?"

ఫాల్గుణంలో ఒక ఉదయం శ్రీలక్ష్మి తండ్రి ఎదురుగా కూర్చొని ఉండగా టోపీ సంగతి గుర్తుకు వచ్చింది. పార్సిల్ చేయమని కొడగు మైదానానికి ఫోను చేసింది. అక్కడ తన తండ్రి సంచి మోసే లక్ష్మప్ప పలికాడు. అతనిది మా ఆదోని పక్క కౌతాళమే. కాఫీ తోటల పనికి వలసపోయి ఆ మైదానంలో స్థిరపడ్డాడు.

"టోపీ ఈడ యాడుందమ్మా? మీ నాయన నెత్తినే ఉండాది గదా! ఇప్పుడే ఆడి, గుంత జెండా కాడికి పోయినాడు."

"ఎవరు?"

"మీ నాయనేనమ్మా. రోజూ పొద్దున్నే వస్తాడు. మాట్లాడడు. ఇంటికి పోలేదా సామీ అంటే, చెవికి చెయ్యి ఆనించి, పిలుపు రాలేదు అన్నట్టు తల అడ్డంగా ఊపుతాడు. మీరంతా యాడ దిగినారు? అమ్మ కనపడదే?"

శ్రీలక్ష్మి ఫోను పెట్టేసి తండ్రి వైపు చూసింది. ఆయన ఉయ్యాల మీద కూర్చొని, పొడిబట్టతో బూటు తుడుచుకుంటున్నారు.

ఈ మాట విన్నాక సులోచన గారు ఏడవలేదు. మగ్గం దగ్గరకు పోయి వంగి చూశారు. మద్దయ్య చీర కోశాడే గాని, పోగులు దూర్చే అచ్చులో ఉన్న పాత పడుగు కొసలను తెంపలేదు. నేతగాళ్ళు ఆ కొసలకే కొత్త పడుగును పోగు పోగుగా అతుకుతారు. అలా అతికితే అది కొత్త బట్ట కాదు, పాతదాని కొనసాగింపు. ఆమె మద్దయ్యను పిలిచారు.

"నాకు తెలీదక్కా. తెలిసుంటే సెయ్యి నరుక్కుందునే గానీ..." అని అతను కళ్ళు తుడుచుకున్నాడు.

"సెయ్యి నరుక్కుంటే పోగులెవరు అతుకుతారు? నీ సేత్తో కోసింది నీ సేత్తోనే అతుకు. కూసో."

అతను అతికాడు. ఆమె నేశారు. సరిగ్గా జానెడు ఉందనగా ఆపి, నాడెను పడుగు మీద పెట్టారు. వేసవి సెలవులు వచ్చాయి. తల్లి, కూతురు, ఆయన, ముగ్గురూ ప్రయాణమయ్యారు.

"తాళంచెవి?" అన్నాడు మద్దయ్య, అలవాటు కొద్దీ.

"నాకాడే ఉంటాది. తులసికి గోడ మీద నుంచి పొయ్యి నీళ్ళు."

ఇక్కడినుంచి జరిగింది తల్లినీ కూతురినీ విడివిడిగా అడిగి రాసుకున్నాను. రెండూ ఒక్క మాట తేడా లేకుండా సరిపోయాయి.

కొండల మీద తొలకరి మబ్బు దిగి ఉంది. ఉదయం మైదానం మెట్ల దగ్గర లక్ష్మప్ప ఎదురొచ్చి, సులోచన గారి పక్కన నిలబడిన మనిషిని చూసి ఆగిపోయాడు. చేతిలోని సంచి జారి కింద పడింది.

"ఈయప్ప ఈడుంటే... ఆడ ఉండేది ఎవురు మల్ల?"

దూరాన, మంచులో మసకబారిన జెండా పక్కన, టోపీ పెట్టుకొని ఒక మనిషి అటు తిరిగి నిలబడి ఉన్నాడు. శ్రీలక్ష్మి తల్లి చేయి పట్టుకుంది.

ఆ తరం ఆడది భర్తను పేరు పెట్టి పిలవదు. సులోచన గారు రోజూ అన్నానికి పిలిచినట్టే, గొంతెత్తి పిలిచారు.

"శ్రీలక్ష్మి నాయనా! ఇంగా జానెడు నేత ఉండాది. రా, ఇంటికి పోదాం!"

పక్కన ఉన్న ఆయన తల తిప్పారు. జెండా దగ్గర ఉన్న మనిషీ తల తిప్పాడు. రెండు ముఖాలూ ఒకటే.

పక్కనున్న ఆయన మెట్లు దిగి, తడి పచ్చిక మీద అటు నడిచారు. ఎవరూ ఆపలేదు. మంచు కమ్ముకుంది. లక్ష్మప్ప కన్నడంలో ఏదో దేవుణ్ణి తలుచుకోవడం తప్ప ఇంకో చప్పుడు లేదు. కొంతసేపటికి మంచులోంచి ఒకరే తిరిగివచ్చారు. తలమీద టోపీ ఉంది.

"ఏమ్మే, ఎంతసేపు కాఫీ తాగుతావు? పిలుస్తావేమోనని సూస్తానే ఉండా" అన్నారు. కూతురి వైపు తిరిగి, "నువ్వెప్పుడొచ్చినావు తల్లీ? బడి లేదా?" అన్నారు. శ్రీలక్ష్మి ఆయనను పట్టుకొని ఏడ్చింది.

ఎమ్మిగనూరులో గడప దగ్గర ఆయన ముందుగా బూట్లు విప్పారు. ఆ చప్పుడు విని, గోడ అవతల మద్దయ్య గట్టిగా నిట్టూర్చాడట. అదే రోజు ఆదోనిలో నేను కవరు తెరిచి చూశాను. గడ్డిపరక ఎండి పొడి అయింది.

మరుసటి ఉదయం సులోచన గారు మిగిలిన జానెడు నేసి కోయడానికి మగ్గం గుంటలో దిగారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన వచ్చి నాడెను పట్టుకున్నారు.

"వద్దుమ్మే. ఉండనీ."

"ఏంటికి?"

"నువ్వు పిలిచినప్పుడు మంచులోనుంచి ఒక ముసలాయన నా కాడికి వచ్చినాడు. నా మాదిరే ఉండాడు. బూట్లు గూడా నావే. ఏ ఊరు సార్ మీది అని ఆయనే నన్ను అడిగినాడు. ఎమ్మిగనూరంటి. మాదీ ఎమ్మిగనూరే, రేపు ఇంటికి పోతాండాము అన్యాడు. నేను ఇటు వస్తి. ఆయప్ప ఆడనే నిలబడినాడు. దారి తెలీదేమో, పాపం. ఆయప్పకు గూడా ఏదో ఒక పిలుపు ఉండాల గదా?"

ఆ చీర ఇంకా కోయలేదు. ఇచ్చిన తేదీ దాటిపోయిందని వ్యాపారి రెండుసార్లు మనిషిని పంపాడు. ఆమె వేరే మగ్గం మీద నేయించి ఇచ్చారు. క్షుద్రమని రాసినవారు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు. ఒక మగ్గం, జానెడు ఖాళీ పడుగు, దాని మీద ఒక నాడె. అంతే ఉంటుంది.

రాత్రి పడుకోబోయే ముందు వీధి తలుపుకు గడియ పెట్టడం మాత్రం ఆమె మానేశారు. అది మంచిది కాదమ్మా అని నేను మందలించాను.

"కోపపడద్దన్నా" అందామె, పడుగు మీద చేయి ఆనించి. "ఇన్ని నెలలు ఆయప్పకు అన్నం పెట్టింది గూడా నేనే గదా."