నాకంటే ముందే ఆగే మనిషి

ముప్పై ఒక్క ఏళ్లుగా నేను అబిడ్స్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తున్నాను. కళ్ల ముందు నీడలు కదులుతున్నాయని, గోడ మీద మనుషులు కనిపిస్తున్నారని భయపడుతూ వచ్చినవాళ్లను చాలామందినే చూశాను. కొందరికి అద్దం నంబరు మారిస్తే సరిపోయేది. కొందరిని కంటి డాక్టరు దగ్గరికి పంపేవాళ్లం. శుక్లం తీయగానే నీడలూ పోయేవి. అందుకే దయ్యం, గాలి అని ఎవరైనా అంటే నాకు నవ్వొచ్చేది.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. అలాగని నమ్ముతున్నానా అంటే, ఏమో, అదీ చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

మా ఇల్లు నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో ఒక సందులో ఉంది. దుకాణానికి ఎప్పుడూ నడిచే వెళ్తాను. షుగరు వచ్చి పదేళ్లయింది. సిగరెట్లు అంతకు చాలా ముందు నుంచే ఉన్నాయి.

రెండేళ్ల కింద ఒకరోజు పొద్దున స్టేషన్ రోడ్డు మీద నడుస్తుంటే ఎడమ పిక్క పట్టేసింది. ఎవరో పిడికిట్లో పట్టి పిండుతున్నట్టు నొప్పి. ఆగాను. రెండు నిమిషాలు నిలబడితే తగ్గిపోయింది. మళ్లీ కొంత దూరం నడిచాక మళ్లీ పట్టేసింది. యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి కదా, వయసు ప్రభావమని సరిపెట్టుకున్నాను.

ఆ మనిషిని చూసింది ఆ వారంలోనే. నాకు పాతిక అడుగుల ముందు నడుస్తున్నాడు. మాసిన తెల్ల చొక్కా, బూడిద రంగు ప్యాంటు, రబ్బరు చెప్పులు. ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నాడు. ఆ చెప్పు నేలకు రాసుకుని సర్రుమంటోంది. నేను పిక్క పట్టుకుని ఆగి తల ఎత్తేసరికి అతనూ ఆగి ఉన్నాడు. పాపం, ఇతనికీ నా బాధే ఉన్నట్టుంది అనుకున్నాను. నేను కదిలాను, అతనూ కదిలాడు. జీపీవో చౌరస్తా దగ్గర జనంలో కలిసిపోయాడు.

మర్నాడూ కనిపించాడు. ఆ తర్వాత రోజూ కనిపించాడు. ఒకే వేళకు ఒకే దారిలో పనికి పోయేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు, అందులో వింతేమీ లేదు. కానీ ఇతను ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. రోడ్డు మీద ఆగిన మనిషి ఊరికే నిలబడడు. గోడకు చెయ్యి ఆనిస్తాడు, ఫోను తీస్తాడు, పక్కకు చూస్తాడు. అతను ఇవేవీ చేసేవాడు కాదు. రెండు చేతులూ కిందికి వేలాడేసి, నిటారుగా ముందుకు చూస్తూ నిలబడేవాడు.

ఒకరోజు కావాలని, నొప్పి రాకముందే పండ్ల బండి దగ్గర ఆగాను. అతను ఆగలేదు, నడుస్తూనే పోయాడు. నా పిచ్చి ఆలోచనకు నాకే నవ్వొచ్చింది. మళ్లీ నడక మొదలుపెట్టాను. కాస్త దూరంలో అతను ఉన్నట్టుండి ఆగాడు. నాకు నొప్పేమీ లేదు. ఒక అడుగు వేశాను. రెండో అడుగుకు పిక్క పట్టేసింది.

అప్పుడు అర్థమైంది. నేను ఆగినందుకు అతను ఆగడం లేదు. అతను ఆగాకే నాకు నొప్పి వస్తోంది.

బయల్దేరే వేళ మార్చాను. వేరే సందుల్లోంచి వెళ్లి చూశాను. ఎటు వెళ్లినా పాతిక, ముప్పై అడుగులు వేసేలోపు ఆ చెప్పు చప్పుడు ముందు వినిపించేది. మొదట్లో మూడు వందల అడుగులు నడవగలిగేవాణ్ని. అది రెండు వందలైంది, తర్వాత వందైంది. నా నడక తగ్గేకొద్దీ మా మధ్య దూరం కూడా తగ్గుతూ వచ్చింది. చివరికి అతని చొక్కా వీపు మీది కుట్లు కనిపించేవి.

ఇంట్లో చెప్పలేదు. ఏమని చెప్పను?

అంతలో చెప్పు కరిచి ఎడమ బొటనవేలికి పుండు పడింది. నెల దాటినా మానలేదు. ఒకరోజు మా ఆవిడ సరోజ ఆ వేలు చూసి కేక పెట్టింది. అంచు నల్లబడి ఉంది. అప్పటికప్పుడు దవాఖానకు బయల్దేరదీసింది. ఆటో కోసం సందు దాటి పెద్ద రోడ్డు దాకా నడవాలి. ఆ కాస్త దూరంలోనే రెండుసార్లు ఆగాను.

"గాయన ఎవలు?" అంది సరోజ.

ఆ క్షణం దాకా అతను నా ఒక్కడికే కనిపిస్తున్నాడనుకున్నాను. నిజం చెప్పాలంటే అలా అనుకోవడంలోనే కొంత ధైర్యం ఉండేది.

"ఎవరు?" అన్నాను.

"గా ముందటాయన. మీరు ఆగితే ఆగుతున్నడు, మీరు నడిస్తే నడుస్తున్నడు. తొవ్వకు అడ్డం నిలవడ్డడు. జర జరగమనున్రి."

అతను చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో ఉన్నాడు. సరోజ భుజం తట్టి పిలవబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా వెనక్కి లాగాను. మణికట్టు కమిలింది. ఎందుకంత గట్టిగా లాగానో ఇప్పటికీ తెలియదు. అటుగా వచ్చిన ఆటోను ఆపి ఎక్కేశాం. నేను బయటికి చూడలేదు.

హిమాయత్‌నగర్ వైపు ఉన్న ఆ దవాఖానలో కాళ్ల రక్తనాళాలు చూసే డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. చేతికీ, చీలమండలకూ బీపీ పట్టీలు కట్టి చూసింది. పెన్ను లాంటి యంత్రం పాదం మీద పెట్టింది. కుడి పాదంలో నాడి చప్పుడు గట్టిగానే వినిపించింది. ఎడమ పాదంలో ఎక్కడ పెట్టినా గాలి వీచిన చప్పుడే.

"ఇన్ని రోజులు ఏం చేసిన్రు అంకుల్?" అంది. "తొడల పెద్ద రక్తనాళం జానెడు పొడుగు మూసుకపోయింది. పాదానికి రక్తం పోతలేదు. స్టెంట్ వేద్దాం. ఇంకా లేట్ చేస్తే వేలుతోని ఆగదు."

కుడికాలిలో కూడా కొంచెం ఉందని, దానికి ఇప్పుడే ఫికరు పడొద్దని చెప్పింది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం స్టెంట్ వేశారు. మత్తు సూది వేసింది గజ్జల్లో మాత్రమే, నేను మెలకువగానే ఉన్నాను. కుడి గజ్జలోంచి సన్నటి తీగ పంపి ఎడమకాలిలోకి తిప్పారు. పక్కన తెరమీద నా కాలు కనిపిస్తోంది. రక్తనాళాలు తెరమీద కనపడేందుకు ఎక్కించిన మందు నల్లటి పాయలా తొడ దాకా పారి, అక్కడ కత్తిరించినట్టు ఆగిపోయింది. తీగ ఆ మూసిన చోటును దాటింది. బెలూను ఉబ్బించినప్పుడు నొప్పికి పళ్లు బిగబట్టాను. తర్వాత స్టెంట్ అనే జాలీ గొట్టం అక్కడ విప్పారు. మళ్లీ మందు వదిలితే ఆ నల్లటి పాయ సర్రున పాదం దాకా పారింది. గోరువెచ్చటి నీళ్లు పోసినట్టు పాదం వేడెక్కింది. నాకు ఏడుపొచ్చింది.

వార్డులోకి తెచ్చాక సరోజ నా పాదం పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "ఎచ్చగున్నది" అని మాత్రం అంది.

పుండు మానింది. సిగరెట్ మానేశాను. "గోలీలు బంద్ చేయొద్దు, నడక బంద్ చేయొద్దు అంకుల్. నడిస్తెనే కాలు మంచిగుంటది" అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. భయపడుతూనే నడక మొదలుపెట్టాను. రోడ్డు మీద అతను లేడు. రెండు నెలలు హాయిగా గడిచాయి. ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాలన్నీ చూస్తూ, ఎక్కడా కూర్చోకుండా గంటన్నర తిరిగాను. అంతా నా మనసు ఆడించిన ఆట అనీ, సరోజ చూసింది ఎవరో దారిన పోయేవాణ్ణేననీ తేల్చుకున్నాను.

మూడో నెలలో ఒక సోమవారం. పొద్దున పదిన్నర. ఎండ బాగా ఉంది, రోడ్డంతా జనం. అదే చొక్కా, అదే వీపు, నలభై అడుగుల ముందు.

ఇప్పుడు నా కాలు బాగుంది. నా మామూలు నడకే అతని నడక కంటే వేగం. నాకిష్టం లేకుండానే దూరం తగ్గుతోంది. నేను నెమ్మదిస్తే అతను ఇంకా నెమ్మదిస్తున్నాడు. రోడ్డు దాటుదామంటే బస్సులు, ఆటోలు సందివ్వడం లేదు. ఎదురొచ్చేవాళ్లు అతన్ని తప్పించుకుని పక్కకు జరిగి నడుస్తున్నారు. అంటే అక్కడ మనిషి ఉన్నాడు.

తల వంచుకుని దాటేశాను. మొహం చూడలేదు, చూసే ధైర్యం లేదు. అతని పాదం మాత్రం కంటపడింది. ఎడమ పాదం వేళ్ల నుంచి మడమ దాకా నల్లగా, కాలిన కట్టెలా ఉంది.

దాటిన వెంటనే నా వెనక సర్రుమని చప్పుడు. నేను వేగం పెంచాను. చప్పుడూ వేగం పెంచింది. అంత పాడైన కాలితో ఎవరూ అలా నడవలేరు. జీపీవో కనిపిస్తుండగా చప్పుడు ఆగిపోయింది.

ఒక అడుగు వేశాను. రెండో అడుగుకు పట్టేసింది. ఈసారి కుడి పిక్క.

పక్కనే ఉన్న బట్టల దుకాణం స్తంభం పట్టుకున్నాను. సేల్స్‌మన్ బయటికొచ్చి స్టూలు వేశాడు.

"ఏమైంది సార్? మొహం గట్ల పాలిపోయింది?"

"నా వెనక ఎవరైనా ఉన్నారా? చూసి చెప్పు."

అతను నా భుజం మీదుగా చూశాడు. "ఒకాయన నిలవడ్డడు సార్. మీతోని వచ్చినాయన కాదా?"

"కాదు. పొమ్మని చెప్పు."

ఒకావిడ ఏదో చీర గురించి అడిగితే అతను అటు తిరిగి జవాబిచ్చాడు. మళ్లీ చూసి, "పోయినట్టున్నడు సార్" అన్నాడు. నేను ఇంకో పావుగంట వెనక్కి తిరగలేదు.

ఆ మధ్యాహ్నమే దవాఖానకు వెళ్లాం. డాక్టరమ్మ స్కాన్ తీయించి, పాత రిపోర్టు పక్కన పెట్టి చూసింది. కుడికాలి రక్తనాళం దాదాపు మూసుకుపోయింది. "ఇంత జల్ది ఎట్ల పెరిగింది?" అని తనలో తనే అనుకుంది. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఇంతకుముందు ఎడమకాలే నన్ను ముందు ఆపేసేది కాబట్టి కుడికాలి నొప్పి బయటపడలేదట. అది బాగయ్యాక ఇది బయటపడిందట. "పుండు కాకముందే వచ్చిన్రు. చాలామంది గిట్ల రారు" అంది. ఆ వారమే రెండో స్టెంట్ వేశారు.

అప్పుడు సరోజకు మొత్తం చెప్పాను. ఆమె భయపడుతుందనుకున్నాను. భయపడలేదు. "మీకు చెప్పనీకె వచ్చిండు. గాయన లేకుంటే మీ కాళ్లు పోతుండె" అంది. మా వాళ్లలో విన్న ఒకరిద్దరూ అదే మాటన్నారు.

కావచ్చు. కానీ నా వెనక ఆ చప్పుడు తరుముకొచ్చింది వాళ్లు వినలేదు. మేలు కోరి వచ్చేవాడి చప్పుడు అలా ఉండదు.

అతనెవరో నాకు తెలియదు. నన్నే ఎందుకు ఎంచుకున్నాడో తెలియదు. సరోజకు, ఆ సేల్స్‌మన్‌కు కనిపించాడు కాబట్టి కళ్ల దోషమని కొట్టిపారేయలేను. నడవకపోతే కాళ్లు పోతాయి, అందుకని రోజూ నడుస్తున్నాను. సరోజ పక్కన ఉంటుంది. అప్పుడప్పుడు వెనక ఆ చెప్పు చప్పుడు వినిపిస్తుంది, తిరిగి చూడను. మొన్న చూపించుకోవడానికి వెళ్తే డాక్టరమ్మ రెండు పాదాల్లో నాడి చూసి సంతోషపడింది. ఈ జబ్బు కాళ్లతోనే ఆగదని, గుండె రక్తనాళాలు కూడా ఒకసారి చూపించుకోమని చీటీ రాసిచ్చింది.

అది ఇంకా చూపించుకోలేదు. నా ముందు నడిచినప్పుడు అతను ఎక్కడ ఆగుతాడో నాకు కనిపించేది. ఇప్పుడు వెనక ఉన్నాడు.