తెడ్డుకు ఆనించిన ఫోన్

“బాగు చెయ్యి మస్తాన్,” అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి రావడానికి ఏళ్లు పట్టింది. చొక్కా జేబులో పట్టే బరువే. దాన్ని మోస్తూ ఉద్యోగం చేశాను, రిటైరయ్యాను. ఇంట్లో చెప్పలేదు. పత్రికాఫీసులో పక్క కుర్చీలో కూర్చున్న మిత్రులకూ చెప్పలేదు. నా పేరు పెట్టి చెప్పుకునే ధైర్యం ఇప్పటికీ లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

నెల్లూరులో మస్తాన్‌ది ఇరుకైన రిపేరు కొట్టు. నా ఫోన్ బ్యాటరీ పొంగి వెనక మూతను పైకి నెట్టేసింది. తెర రెండు రోజులుగా నల్లగా ఉంది.

“దీనికి బ్యాటరీలు రావడం ఆగిపోయినాయి సార్. ఇంకోదానిది సర్ది పెట్టాల. బోర్డు ఉప్పుగాలికి పచ్చబడిపోయుండాది. చేస్తా ఉండంగానే పోయినా పోవచ్చు. కొత్తది తీసుకోండి,” అన్నాడు. నా ముఖం చూసి నవ్వాడు. “ఫోన్ మార్చమంటే ఇల్లు అమ్మమన్నట్టు చూస్తుండారే!”

కొత్తది తీసుకోవడమే తేలిక. ఈ ఫోన్ తనంతట తాను చచ్చిపోతే, నేను ఒకప్పుడు చెప్పిన అబద్ధం నిజమైపోతుంది. ఇక ఎవరికీ ఏమీ తెలియదు. ఆ కొట్టు ముందు నిలబడి, అలా జరిగితే బాగుండునని నేను ఆశపడలేదా? పడ్డాను.

విలేకరిగా నేను మైపాడు వార్తలు చాలాకాలం రాశాను. అక్కడ పోలయ్య అనే ఆయన చేపల మాటలు వింటాడని ఎవరో చెబితే నవ్వాను. “నవ్వేది తర్వాత. ముందు పడవెక్కన్నా,” అన్నాడు పోలయ్య. ఒక సాయంత్రం ఆయన, ఆయన బావమరిది ఏడుకొండలు, నేను బయల్దేరాం. ఒడ్డు సన్నని గీతయ్యాక ఏడుకొండలు ఇంజన్ ఆపాడు. పోలయ్య తెడ్డు ఆకును నీళ్లలోకి దించి, పిడిని చెవికి ఆనించుకున్నాడు. కాసేపటికి నన్ను రమ్మన్నాడు.

మొదట ఏమీ లేదు. తర్వాత ఆ చప్పుడు కర్ర లోపలి నుంచి వచ్చింది. వాన వెలిశాక కోవూరు పొలాల్లో కప్పలు అందుకున్నట్టు, ఒకటి మొదలుపెడితే రెండోది, దాని వెనక వంద, మా కాళ్ల కింద నీళ్లలో ఊరికి ఊరే మాట్లాడుకుంటోంది. “గొరక చేపలు,” అన్నాడు పోలయ్య మెల్లగా, నిద్రపోయే పిల్లల పేరు చెప్పినట్టు. పుట్టిన్నాటి నుంచి ఈ సముద్రం పక్కనే ఉన్నాను. అలల మోత తప్ప దానికి ఇంకో గొంతు ఉంటుందని తెలియదు. ఫోన్ తీసి తెడ్డు పిడికి ఆనించి రికార్డు చేశాను.

ఆ మైకంలోనే అడిగాను, మళ్లీ ఈ చోటికి ఎలా వస్తావని. ఒడ్డున ఎత్తుగా కనిపించే రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి దాగేలా పడవ నిలపాలి. ఇంకో వైపు మరో రెండు గుర్తులు అలాగే కలవాలి. ఆ రెండు వరసలూ కలిసేదే గొరకల తావు. తండ్రి కొడుక్కి చెప్పే సంగతి అది. కొడుకులు లేని పోలయ్య బావమరిదికి చెప్పాడు, ఇప్పుడు నాకు చెప్పాడు. ఆ గుర్తులేమిటో ఇక్కడ కూడా రాయను.

“నాకూ మా ఏడుకొండలికే తెలుసు. ఎవురికీ చెప్పబాకన్నా.”

“చెప్పను.”

గుర్తుల సంగతీ, ఈ మాటలూ ఆ రికార్డులోనే ఉన్నాయి. ఆ రెండో గొంతు నాది.

పత్రికలో రాయలేదు. మాట నిలబెట్టుకున్నాననే అనుకున్నాను. కానీ అంత గొప్ప చప్పుడు ఒక్కణ్ణే ఎలా దాచుకోను? టీ కొట్టు దగ్గర నలుగురికీ వినిపించాను. వాళ్లలో ఒకాయనకు మరబోట్లున్నాయి. “మళ్లీ ఒకసారి పెట్టండి సార్,” అన్నాడు. పెట్టాను. చివరిదాకా పెట్టాను. ఎందుకు అడిగాడో ఆ పూట నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదా? ఊరి పేర్లూ చోట్లూ తప్పు పోకుండా ఎదుటివాణ్ణి రెండోసారి అడిగి రాసుకోవడమే నా వృత్తి.

కొన్నాళ్లకు మరబోట్లు నేరుగా ఆ తావుకే వచ్చాయి, సముద్రం అడుగు గీకే వలలతో. ఆ తర్వాత పోలయ్య తెడ్డు పెడితే ఉత్త నీళ్ల చప్పుడే వినిపించింది.

“తెలిసినోళ్లం ముగ్గురం. నువ్వు మాటిచ్చినోడివి. ఇంక మిగిలిందెవురన్నా?” అన్నాడు నాతోనే. నేను ఇసుక వైపు చూస్తూ ఊరుకున్నాను. నింద పడ్డ ఏడుకొండలు ఆ ఇంటి గడప మళ్లీ తొక్కలేదు. పోలయ్య కూతురు సుజాత పెళ్లిలో, మేనమామ ఎత్తుకొచ్చి పీటల మీద కూర్చోబెట్టాల్సిన పిల్ల తలొంచుకుని నడిచి వచ్చింది. ఆ పెళ్లిలో నేను భోంచేశాను.

పోలయ్య జబ్బుచేసి పోయాక సుజాత నా దగ్గరికి వచ్చింది.

“పెదనాయనా, మా నాయన గొంతు నీ ఫోన్లో ఉండాదంట గదా. ఒక్కసారి వినిపించవా?”

“ఆ ఫోన్ ఎప్పుడో పోయిందమ్మా.”

“పోనీలే. నువ్వు మాత్రం ఏం జేస్తావు!”

ఓదార్చి వెళ్లింది. కొత్త కవరు తొడిగిన అదే ఫోన్ అప్పుడు నా జేబులో ఉంది. గుర్తులూ, నేనిచ్చిన మాటా ఉన్న చోటు కత్తిరించి మిగతాది ఇవ్వచ్చుగా అంటారు. ఆలోచించాను. కత్తిరించడం నాకు చేతనైన పనే. అలా ఇస్తే నేను దొంగిలించినదాన్నే శుభ్రం చేసి బహుమానం ఇచ్చినట్టవుతుంది. పోనీ, చెరిపేద్దామంటే వేలు రాలేదు. ఆ తావు చేపల గొంతు ఇప్పుడు ఇంకెక్కడా లేదు.

మస్తాన్ చేతిలో ఫోన్ బతికింది. స్పీకరు చూద్దామని దొరికిన రికార్డు నొక్కాడు. కొట్టు నిండిపోయింది. అతని చేయి ఆగిపోయింది.

“ఏంది సార్ ఇది, కప్పలా?”

“చేపలు.”

“చేపలు మాట్లాడతాయా!” అన్నాడు. ఎదురు బల్ల మీద కూర్చున్నవాళ్లు కూడా మాటలు ఆపారు. అంతలో పోలయ్య గొంతు వచ్చింది. నేనే ఆపేశాను. ఈసారైనా ఆపాను.

మరునాడు మైపాడు బస్సెక్కాను. సుజాత తలుపు దగ్గర కూర్చుని చివరిదాకా వింది. నా “చెప్పను” కూడా వింది. తర్వాత జరిగిందంతా చెప్పాను. ఆమె చేపల చప్పుడు మళ్లీ పెట్టుకుని, ఫోన్ చెవికి ఆనించుకుంది, అచ్చం వాళ్ల నాయన తెడ్డు ఆనించుకున్నట్టే.

“మా నాయనకు ఇప్పుడెట్ట చెప్పేది సార్?” అంది.

పెదనాయనా అనలేదు.

ఫోన్ ఆమె చేతిలోనే వదిలి లేచాను. అయినా తిరిగొచ్చే బస్సులో ఎన్నో ఏళ్ల తర్వాత గుండె నిండా గాలి పీల్చాను. అంత తేలిక పడినందుకు సిగ్గేసింది. క్షమించమని మిమ్మల్ని అడగను. చెప్పాను, అంతే.

ఆ పూట ఏడుకొండలు వేటకు పోయి ఉన్నాడు. ఆయన ఒడ్డుకొచ్చేదాకా నేను ఆగలేదు. పోలయ్య ఇంటి ముందు దారి వదిలేసి, ఏడుకొండలు ఇప్పటికీ చుట్టుదారినే సముద్రానికి పోతున్నాడు.