మంచి నూనె రాసిన రెండు బ్యాట్లు

1997లో మదనపల్లె బస్టాండు వెనక సందులో మాది ఆటల సామాన్ల అంగడి. మా ఇంటాయన పెట్టినది. ఆయన పోయిన తర్వాత అంగడి అమ్మేయమని చెప్పినవాళ్ళే ఎక్కువ. నేను అమ్మలేదు. బ్యాటును చేత్తో పట్టుకుని బరువు చెప్పగలను. షటిల్ రాకెట్టుకు గట్ దారం తెగితే కట్టగలను. ఫుట్‌బాల్ బ్లాడరుకు అతుకు వేయగలను. అంగట్లో కూర్చోవడానికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. ఒకటి కావలసి ఉండింది. అది రాత.

నేను చదివింది మూడో తరగతి సగం వరకు. గుణింతాలు అయిపోయి ఒత్తులు మొదలయ్యే సమయానికి ఇంట్లో చెల్లెలు పుట్టింది, నన్ను బడి మాన్పించారు. ఒత్తులు ఉన్న మాటలను కూడబలుక్కుని చదివేదాన్ని కానీ, రాయడం రాదు. నా పేరు చివరి 'మ్మ', ఊరి పేరు చివరి 'ల్లె' మాత్రం వచ్చు. ఒకటి సంతకం కోసం నేర్చుకున్నది, రెండోది బస్సు బోర్డు చూసి పట్టుకున్నది. మిగిలిన చోట్ల ఒత్తు ఉన్న మాటను వదిలేసి, ఒత్తు లేని మాటను వెదికి పెట్టేదాన్ని. ఎవరూ కనిపెట్టలేదని అనుకునేదాన్ని. దాన్ని తెలివి అని కూడా అనుకునేదాన్ని.

అప్పట్లో ఖరీదైన బ్యాట్లకు కంపెనీ వారంటీ కార్డు వచ్చేది. వారంటీ అంటే, చెప్పిన గడువులోపల తయారీలోని లోపం వల్ల వస్తువు చెడిపోతే కంపెనీ మార్చి ఇస్తుంది. జనం దాన్ని గ్యారంటీ అనుకుని, ఎట్లా చెడినా మారుస్తారని వస్తారు. మా వ్యాపారంలో సగం తగాదాలు అక్కడ పుట్టినవే. కార్డేమో ఇంగ్లీషులో ఉండేది. దాన్ని ఎవరూ చదవరని తెలిసి, ముఖ్యమైన సంగతులు నేనే బిల్లు వెనక తెలుగులో రాసి ఇచ్చేదాన్ని. మూడే మాటలు. 'ఆరు నెలలు వారంటీ. మంచి నూనె రాయాలి. వానలో తడపరాదు.'

నూనె ఎందుకో చెప్పాలి. కొత్త బ్యాటు చెక్క పొడిగా ఉంటుంది, తోలు బంతి తగిలితే చిట్లుతుంది. అందుకని దానికి లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె గింజల నూనె, గుడ్డతో పలుచగా రుద్ది ఆరబెట్టాలి. ఆ తర్వాత పాత బంతితో మెల్లగా కొట్టి చెక్కను గట్టిపరచాలి. దాన్ని నాకింగ్ అంటారు. లిన్సీడ్ అని రాయాలంటే నడుమ ఒత్తు వస్తుంది. అవిసె నూనె అని రాయవచ్చు, కానీ మా పక్క అవిసె అంటే కూరకు వండే ఆకు. ఆ ఆకు వేసి కాచిన నూనె అనుకుంటారు. అందుకని మంచి నూనె అని పెట్టాను. మేలు రకం నూనె అని నా ఉద్దేశం. ఏ నూనె అన్నది నోటితో చెబుతాను కదా అని ధైర్యం.

ఆ ఏడు జూన్‌లో పుంగనూరు నుంచి ఒక హైస్కూలు డ్రిల్లు ఐవారు వచ్చారు. పేరు రెడ్డెప్ప. వాళ్ళ అమ్మా నాయనా టమాటా తోటల్లో కూలికి పోయి ఆయన్ను చదివించారు. ఆ ఇంట్లో జీతం ఉద్యోగం ఆయనదే మొదలు, అదీ ఇంకా పర్మనెంటు కాలేదు. బడి కోసం రెండు కాశ్మీర్ విల్లో చెక్క క్రికెట్ బ్యాట్లు ఏరుకుని, బస్సు పోతుందని తొందరపడుతూ వెళ్ళిపోయారు. నూనె సంగతి ఆయనకు నోటితో చెప్పానా లేదా అన్నది తర్వాత ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

ఆగస్టులో ఒక శనివారం ఆయన గోనె సంచితో తిరిగి వచ్చారు. సంచి మూతి విప్పగానే ఊరగాయ జాడీ మూత తీసినట్టు వాసన వచ్చింది. నువ్వుల నూనె.

"యాల తెచ్చినారు ఐవారా?"

"రెండూ చీలిపోయినాయమ్మా. ఆరు నెలలు వారంటీ ఉండాది గదా. మూడు నెలలు గూడా కాలా."

బ్యాట్లను బల్ల మీద పెట్టి చూశాను. బ్యాటు అడుగును టో అంటారు. రెండింటికీ టో ఉబ్బి, నిలువుగా చీలింది. గోటితో నొక్కితే గోరు లోపలికి దిగింది. ఒకదాని అంచున ఎలుక పళ్ళ గాట్లు కూడా ఉన్నాయి.

"ఇది వారంటీలోకి రాదు," అన్నాను. "నూగుల నూనె పోసి ఎలకలకు పెట్టి, మళ్ళా కంపెనీని అడిగితే ఎట్లప్పా?"

"మీరు చెప్పిన నూనే పోసినానమ్మా."

"నేను చెప్పలా."

"చెప్పలేదు. రాసినారు."

చొక్కా జేబులోంచి బిల్లు తీశారు. నలగకుండా ప్లాస్టిక్ కాగితంలో పెట్టుకున్నారు. వెనక్కు తిప్పి, పిల్లలకు పాఠం చదివినట్టు చదివారు. "మంచి నూనె రాయాలి."

"మంచిదంటే మేలు రకం అని."

"మాయింట్లో మంచి నూనె అంటే నూగుల నూనేనమ్మా. మీయింట్లో ఏమంటారు?"

మా ఇంట్లోనూ అదే అంటారు. ఆ మాట నేను పైకి అనలేదు.

ఆయనే చెప్పుకుపోయారు. "గానుగ కాడ నిలబడి ఆడించుకొచ్చినా. ఆ నూనె ఇంట్లో తలకు గూడా పెట్టుకోం. వారం దినాలు రోజూ పట్టించినా. అడుగు బాగా తాగల్లని తాంబాళంలో పోసి నిలబెట్టినా. మాయమ్మ ఒకటే నవ్వు. 'ఏమిరా, పెండ్లి చేస్తామంటే ఒద్దంటివి, కట్టెకు తలంటు పోస్తాండావే' అనె."

నేను నవ్వలేదు. అంగట్లో తగాదా నడుస్తున్నప్పుడు నవ్వడం నాకు అలవాటు లేదు.

"డబ్బు వాపసు ఇయ్యం. బోర్డు మీద ఉండాది సూడండి," అన్నాను.

"డబ్బు నాకొద్దమ్మా." ఇంకొక కాగితం తీసి బల్ల మీద పెట్టారు. హెడ్మాస్టరు ఇచ్చిన మెమో. బడి సామానును నిర్లక్ష్యంతో పాడుచేసినందుకు శుక్రవారంలోగా సంజాయిషీ ఇవ్వాలని ఉంది. "నన్ను పర్మనెంటు చేసేదానికి ఫైలు ఈ నెల్లోనే పైకి పోతాది. దాంట్లో ఈ మెమో చేరితే ఇంగ నా పని అయిపోయినట్టే. బ్యాటులోనే లోపం ఉండిందని మీ అంగడి కాయితం మీద రెండు మాటలు రాసియ్యండమ్మా. అంతే నేనడిగేది."

"లేని లోపం ఉండాదని రాయను."

"అట్లయితే ఉండేదేదో రాయండి."

దానికీ నేను ఒప్పుకోలేదు. కంపెనీ ఏజెంటు గురువారం కుప్పం వస్తాడు, ఆయన తేల్చినదే మాట అని చెప్పి బ్యాట్లు, బిల్లు నా దగ్గర పెట్టుకున్నాను. మెమో ఆయన మడిచి జేబులో పెట్టుకున్నారు. మెట్లు దిగుతూ ఒక్కసారి వెనక్కు తిరిగి, ఏదో చెప్పబోయి మానుకున్నారు.

ఏజెంటు బెంగుళూరు నుంచి రైల్లో వచ్చి కుప్పం స్టేషను ఎదుట లాడ్జిలో ఒక పూట కూర్చునేవాడు. చుట్టుపక్కల ఊళ్ళ అంగళ్ళవాళ్ళం చెడిన సరుకు మోసుకుని అక్కడికే పోవాలి. గురువారం తెల్లవారకముందే మొదటి బస్సు ఎక్కాను. కుప్పంలో హోటళ్ళ ఖర్చు ఎందుకని రాగి రొట్టె కట్టుకుపోయాను. ఏజెంటు అరవాయన, తెలుగు బాగానే మాట్లాడతాడు. సంచి విప్పగానే ముక్కు మూసుకున్నాడు.

"ఏమ్మా, ఇది బ్యాటా, బజ్జీనా?"

చిన్న కొయ్య సుత్తితో బ్యాటు ముఖం మీద కొట్టి చెవి పెట్టాడు. మంచి బ్యాటు టక్కుమంటుంది. ఇది తడి మట్టిలా దబ్బుమంది. ఆయన చెప్పింది ఏమంటే, లిన్సీడ్ గాలి తగిలి పలుచని పొరగా ఆరి చెక్కను కాపాడుతుంది, నువ్వుల నూనె ఎన్ని నెలలైనా ఆరదు, చెక్క లోపలే ఉండి దాన్ని మెత్తబరుస్తుంది. ఆయన దగ్గర ఒక ఫారం ఉంది. లోపం ఎవరిది అన్న చోట మూడు గడులు. ఒకటి కంపెనీది, ఒకటి డీలరుది, ఒకటి కొన్నవాళ్ళది. పెన్ను మూడో గడి మీద పెట్టాడు.

"కస్టమర్ నెగ్లిజెన్స్. అంటే నిర్లక్ష్యం. ఈ కాపీ కొనుక్కున్నాయనకు ఇచ్చేయండి, తగాదా తీరిపోతాది."

మెమోలో ఉన్న మాటే ఇక్కడా వచ్చింది. ఈ కాగితం అందితే హెడ్మాస్టరుకు ఇంక వేరే రుజువు అక్కరలేదు. గానుగ దగ్గర నిలబడి నూనె ఆడించుకొచ్చి, వారం రోజులు చెక్కకు పట్టించిన మనిషిని ఏమైనా అనవచ్చు, నిర్లక్ష్యం అని మాత్రం అనకూడదు. కాగితం మీద రాసింది నేను. చెక్కకు రాసింది ఆయన. ఆయన తన పని నాకంటే శ్రద్ధగా చేశారు.

"ఆ గడి కాదు. నడిమిది," అన్నాను.

"డీలరా? మీరేం జేసినారమ్మా?"

బిల్లు తీసి, వెనక ఉన్నది చదివి వినిపించాను. ఏజెంటు పెన్ను కింద పెట్టి నవ్వాడు.

"మా అరవంలో గూడా నల్లెణ్ణె అంటే మంచి నూనే గదమ్మా. ఎవురు సదివినా నూగుల నూనే పోస్తారు. లిన్సీడ్ అని యాల రాయలేదు?"

"రాయలా. అంతే."

"బాగా యోచన చేసుకోండి. మీ గడిలో టిక్కు పడితే వారంటీ సరుకు మీకు తగ్గించేస్తారు. ఎవురో ఐవారి కోసరం మీకెందుకిది?"

"ఆయన కోసరం కాదప్పా. నువ్వు టిక్కు పెట్టు," అన్నాను. పెట్టాడు.

ఆ ఫారం కంపెనీకి పోతుంది. హెడ్మాస్టరుకు కావలసింది అంగడి కాగితం. తిరుగు బస్సులో పుంగనూరులో దిగి బడికి పోయేసరికి మూడు దాటింది. హెడ్మాస్టరు మర్యాదస్తుడే. సంగతి విని, "చెప్పండమ్మా, నేను రాస్తాను, మీరు సంతకం పెట్టండి చాలు," అన్నారు. నేను వద్దన్నాను. బిల్లు మీద ఉన్న చేతిరాత, ఈ కాగితం మీద చేతిరాత ఒకటేనని చూసినవాళ్ళకు తెలియాలి. లేకపోతే ఐవారు ఎవరి చేతనో రాయించుకొచ్చారని అనవచ్చు.

వరండాలో బెంచీ మీద కూర్చుని మొదలుపెట్టాను. 'బేటులో లోపం లేదు' అన్న మాట త్వరగానే పడింది. బ్యాటును నేను అప్పట్లో బేటు అనే రాసేదాన్ని. 'ఐవారి నిర్లక్ష్యం లేదు' అన్నచోట ఆ పెద్ద మాటను, హెడ్మాస్టరు దగ్గరున్న మెమో నకలు అడిగి తెచ్చి పక్కన పెట్టుకుని, బొమ్మ దించినట్టు దించాను. లిన్సీడ్ దగ్గర పెన్ను ఆగింది. దాని కింది వాక్యం ఏమిటో నాకు ముందే తెలుసు, అందులోనూ ఒత్తు ఉంది.

రెడ్డెప్ప గ్రౌండులో సున్నంతో గీతలు వేయిస్తున్నవారు నన్ను చూసి వచ్చారు. కాగితం చూశారు, నన్ను చూశారు. బ్యాటుకు పట్టించాల్సిన నూనె పేరు లిన్సీడ్ అని చెప్పాను.

"లిన్సీడ్ కత నేను చెప్తాను," అని సుద్దముక్కతో వరండా బండ మీద పెద్ద అక్షరాలతో రాశారు. నేను చూసి ఎక్కించుకున్నాను.

"ఆ తర్వాత ఏం రాయల్లనుకున్నారు?"

"తప్పు నాది అని."

"పొరపాటు అని రాయండమ్మా. సులువు."

పొరపాటులో ఒత్తు లేదు. తలెత్తి ఆయన ముఖం చూశాను.

"మీకెట్ల తెలుసు?"

"బిల్లు వెనకాల ఒక్క ఒత్తూ లేదు గదమ్మా. మా నాయన గూడా అట్లే రాస్తాడు. ఆ దినమే సూసినా. అంగట్లో నలుగురు ఉండారు, యాల అనేదని అనలా."

మెట్లు దిగుతూ ఆయన మానుకున్న మాట అదే. ఆ ఒక్క మాటతో నా నోరు మూయించి తన కాగితం తీసుకుపోగలిగి ఉండి కూడా అనలేదు.

పొరపాటు అంటే చూడకుండా కాలు జారడం. నేను చూసుకునే వేశాను. సరైన మాట ఏదో తెలుసు, అది రాయడం రాదని తెలుసు, రాదని ఒప్పుకోవడం ఇష్టం లేక పక్క మాట పెట్టాను. దానికి పొరపాటు అని పేరు పెడితే మళ్ళీ అదే పని చేసినట్టు.

"తప్పు అనే రాస్తా," అన్నాను. "పు కింద ఏం రావల్ల?"

"పు కింద ఇంకొక ప ఒత్తు. ఇట్ల." బండ మీద రాసి చూపించారు. నాకు రెండుసార్లు చెడింది. ఇంకో కాగితం దండగ చేయడం ఇష్టం లేక, చెడినదాన్ని అదే కాగితం మీద గట్టిగా దిద్దాను. 'తప్పు నాది' అన్న మాట మిగతా అక్షరాలకంటే నల్లగా, లావుగా పడింది. సంతకం పెట్టి ఇచ్చేసరికి చివరి గంట కొట్టారు.

బ్యాట్లు రెండూ అంగట్లోంచి మార్చి ఇచ్చాను. ఈసారి నూనె నా కళ్ళ ముందర రాయించాను. చెడినవాటి పిడులు ఊడదీసి వేరే బ్యాట్లకు వేయించాను, నూనె తాగిన చెక్కలు నీళ్ళ కాగు కింద బాగా మండాయి. కంపెనీ చెప్పినట్టే వారంటీ సరుకు తగ్గించింది. మరుసటి ఏడు రెడ్డెప్ప పర్మనెంటు అయ్యానని మైసూర్‌పాకు పొట్లంతో వచ్చారు. ఈ డబ్బుతో ఒక బంతి కొనుంటే పిల్లలకు పనికొచ్చేది కదా అన్నాను. కొన్నారు కూడా.

అప్పటికి నాకు యాభై దాటింది. ఆ ఏడాదే ఒత్తులన్నీ నేర్చుకున్నాను, మా వీధిలో ఐదో తరగతి చదివే పిల్ల పుస్తకం అడిగి తెచ్చుకుని. ఈ వ్యవహారం వల్ల తెలిసింది ఇది. బ్యాటుకు కంపెనీ ఆరు నెలలే పూచీ పడుతుంది. బిల్లు వెనక నేను రాసిన మాటకు నేను గడువేమీ పెట్టలేదు. దాన్ని నమ్మి చదివినవాడు ఎంతకాలానికి తెచ్చి చూపినా, అది నా మాటే.

2004లో బిల్లులు అచ్చు వేయించాను. వెనకవైపు లిన్సీడ్ అనే వేయమన్నాను. ప్రెస్సు నుంచి ప్రూఫు వచ్చింది, 'లిన్సిడ్' అని ఉంది. ఒత్తు సరిగానే పడింది, దీర్ఘం పోయింది. దిద్ది వెనక్కు పంపాను.